ఇంట్లో కట్టిన నలభై మీటర్ల రిగ్, దాన్ని పరీక్షించే పనిముట్లు: ఏళ్ల తరబడి వాడాక

హామ్ రేడియోలోకి, అంటే సరదా కోసం సొంత రేడియో స్టేషను నడిపే హాబీలోకి, కొత్తగా వచ్చేవాళ్లు అడిగే మొదటి ప్రశ్న "ఏ రిగ్ తీసుకోమంటారు?" అని. రిగ్ అంటే వినడానికీ మాట్లాడ్డానికీ వాడే రేడియో సెట్టు. దాని సంగతి తర్వాత, ముందు కొలిచే పనిముట్లు కొనుక్కోండి అంటే ఎవరికీ నచ్చదు. మాట్లాడ్డానికి కదా వచ్చింది, కొలతలకా అని ముఖం చిన్నబుచ్చుకుంటారు. అయినా నా మాట మారలేదు. విజయనగరంలో మా మేడ మీద గదిలో నేను కట్టుకున్న ఏడు వాట్ల నలభై మీటర్ల ఎస్‌ఎస్‌బీ సెట్టు ఉంది. నలభై మీటర్లంటే 7 మెగాహెర్ట్జ్ దగ్గరి తరంగాల పొడవు, ఎస్‌ఎస్‌బీ అంటే తక్కువ వెడల్పులో మాట పంపే పద్ధతి. పక్కనే యాంటెన్నాల్నీ ఫిల్టర్లనీ కొలిచే నానోవీఎన్‌ఏ, సిగ్నల్లో ఏయే ఫ్రీక్వెన్సీలు ఉన్నాయో చూపించే టైనీఎస్‌ఏ, యాంటెన్నా బదులు సెట్టు పవర్‌ను మోసే, రెసిస్టర్లతో చేసిన డమ్మీ లోడు, ఆ పవర్ కొలవడానికి ఒక డయోడు ప్రోబు ఉన్నాయి. ఏళ్లుగా వాడుతున్నాను. మార్కులు వేయమంటే సెట్టుకు అరవై, నానోవీఎన్‌ఏకు తొంభై, డమ్మీ లోడుకు నూటికి నూరు.

ముందు సెట్టు. ఇది బిట్‌ఎక్స్ సర్క్యూట్. హైదరాబాద్‌కు చెందిన అష్హర్ ఫర్హాన్ గారు, కాల్ సైన్ (లైసెన్సుతో వచ్చే స్టేషను పేరు) వీయూ2ఈఎస్ఈ, ఇరవై ఏళ్ల కిందట అందరికీ ఉచితంగా ఇచ్చిన డిజైను. ఖరీదైన పార్టులు దొరకని ఊళ్లో కూర్చుని ఎస్‌ఎస్‌బీ సెట్టు కట్టుకోవచ్చనే ధైర్యం చాలామందికి దీంతోనే వచ్చింది. మొదటి బిట్‌ఎక్స్‌లో కాయిళ్లు చుట్టడానికి కుళాయి వాషర్లు వాడారు, అంతటి పొదుపు. దీని కిటుకంతా ఒక్కటే: అవే యాంప్లిఫయర్లు వినేటప్పుడు ఇటునుంచి అటు, మాట్లాడేటప్పుడు అటునుంచి ఇటు పనిచేస్తాయి. నడుమనుండి, కావాల్సిన స్టేషనునే వడకట్టే క్రిస్టల్ ఫిల్టరూ రెండింటికీ ఉమ్మడే. పార్టులు తగ్గడం ఒక లాభం. అసలు లాభం వేరే ఉంది. రిసీవరు బాగా వినిపిస్తోందంటే ట్రాన్స్‌మిటర్ దారి కూడా చాలావరకు బాగున్నట్టే లెక్క.

2017 చివర్లో ఇదే కుటుంబంలోంచి హెచ్‌ఎఫ్ (3 నుంచి 30 మెగాహెర్ట్జ్) బ్యాండ్లన్నిటి మీదా పనిచేసే మైక్రోబిట్‌ఎక్స్ బోర్డు కూడా వచ్చింది. తీరిక లేనివాళ్లు అలాంటి రెడీమేడ్ బోర్డు తీసుకోవడమే మంచిది. నేను రాగిపూత బోర్డు మీద అదే బోర్డు చిన్న ముక్కలు కత్తిరించి అతికించి, వాటి మీద పార్టులు టంకం పెట్టుకుంటూ కట్టాను. చూపుకి ఏమంత బాగుండదు. కానీ ఏ ట్రాన్సిస్టరు మార్చాలన్నా బోర్డు తిరగెయ్యక్కర్లేదు, ట్రాకులు లేచిపోతాయన్న బెంగ లేదు. ఏళ్ల తర్వాత కూడా ఏది ఎక్కడుందో కంటికి కనిపిస్తుంది.

మా ఊళ్లో టీవీలు, రేడియోలు బాగుచేసే షాపులు చాలామటుకు సెల్‌ఫోన్ షాపులైపోయాయి. బీసీ 547 ట్రాన్సిస్టర్లు, స్పీకరును మోగించే ఎల్‌ఎం 386 చిప్పు, రెసిస్టర్లు, డిస్క్ కెపాసిటర్లు ఇప్పటికీ దొరుకుతాయి. టొరాయిడ్లు (కాయిళ్లు చుట్టే ఉంగరాలు), క్రిస్టళ్లు, ఫ్రీక్వెన్సీ పుట్టించే ఎస్ఐ 5351 బోర్డు మాత్రం ఆన్‌లైన్‌లో తెప్పించుకోవాలి, లేదా హైదరాబాద్ వెళ్లినప్పుడు కోఠిలో గుజరాతీ గల్లీ చుట్టి రావాలి. పాడైన సీఎఫ్‌ఎల్ బల్బుల్ని పారెయ్యకండి. లోపల చిన్న ఫెరైట్ ఉంగరం ఉంటుంది, సెట్టులో రెండు ఫ్రీక్వెన్సీల్ని కలిపే మిక్సర్ల ట్రాన్స్‌ఫార్మర్లకు బాగా పనికొస్తుంది. గాజు గొట్టం పగలకుండా చూసుకోవాలి, అందులో పాదరసం ఉంటుంది. పాత టీవీ యాంటెన్నాను కేబుల్‌కి కలిపే చిన్న ట్రాన్స్‌ఫార్మరు, అంటే బాలన్‌లోని రెండు కన్నాల కోరూ అంతే పనికొస్తుంది. కంప్యూటర్ పవర్ సప్లయ్‌లో దొరికే పసుపు తెలుపు రంగుల ఉంగరం మాత్రం ఆర్‌ఎఫ్‌కి (రేడియో ఫ్రీక్వెన్సీ పనికి) దండగ, వాట్లన్నీ అదే తాగేసి వేడెక్కుతుంది.

వినికిడి గురించి చెప్పాలంటే, పొద్దున్న ఏడు నుంచి తొమ్మిది దాకా ఈ సెట్టు నిజంగా సుఖంగా ఉంటుంది. ఐదొందల కిలోమీటర్ల పైచిలుకు దూరంలో ఉన్న హైదరాబాద్ స్టేషన్లు పక్క వీధిలోంచి మాట్లాడినట్టు వస్తాయి. ఏజీసీ, అంటే శబ్దాన్ని తనంతట తానే సర్దే సర్క్యూట్, లేదు కాబట్టి దగ్గర్లోని గట్టి స్టేషను ఒక్కసారిగా మైకు నొక్కితే చెవులు గింగురుమంటాయి, వాల్యూమ్ నాబ్ మీంచి చెయ్యి తీయడానికి ఉండదు. ఎల్‌ఎం 386 బుస ఎప్పుడూ ఉండేదే. ఫిల్టరు నాలుగు క్రిస్టళ్లదే కాబట్టి ఆదివారం పూట బ్యాండు కిక్కిరిసినప్పుడు పక్క ఫ్రీక్వెన్సీ మాటలు కొంచెం తొంగిచూస్తాయి. అరవై మార్కులకు కారణం ఇవే. కాయిలూ కెపాసిటరూ పెట్టిన పాత రకం వీఎఫ్‌ఓ (స్టేషను మార్చడానికి తిప్పే ఆసిలేటర్) మా ఎండాకాలంలో నిలవదు, ఫ్యాను వేసినా జారుతుంది, ఆపినా జారుతుంది. ఎస్ఐ 5351, దాన్ని నడిపే చిన్న కంప్యూటరు బోర్డు ఆర్డునో నానో పెట్టాక ఆ గొడవ పోయింది. 12 మెగాహెర్ట్జ్ ఫిల్టరుకు 4.9 దగ్గర ఆసిలేటర్ పెడితే రెంటి తేడా అయిన 7.1 మీద సెట్టు నిలబడుతుంది, గంటల తరబడి కదలదు.

చివర పవర్ ట్రాన్సిస్టరు ఐఆర్‌ఎఫ్ 510. చవక స్విచింగ్ మాస్‌ఫెట్ ఇది, ఆర్‌ఎఫ్ కోసం చేసింది కాదు, అయినా హామ్‌లు దీన్ని వదలరు. 12 వోల్టుల మీద ఏడు వాట్లు ఇస్తుంది. 24 వోల్టులు పెడితే ఇంకా ఎక్కువ ఇస్తుంది కానీ హీట్‌సింక్ పెద్దది కావాలి, మే నెలలో మా మేడ గదిలో ఆ సాహసం వద్దు. దాని లోహపు రెక్క డ్రెయిన్ అనే కాలికే కలిసి ఉంటుంది కాబట్టి మైకా ముక్క వేయకుండా హీట్‌సింక్‌కి బిగిస్తే షార్టు ఖాయం. బయాస్ (మాట లేనప్పుడు పారే కరెంటు) వంద మిల్లీఆంపుల దగ్గర పెట్టి, పొట్టెన్షియోమీటర్‌ని సున్నా నుంచి నెమ్మదిగా తిప్పుకుంటూ రావాలి. ఇంకో చిక్కు, మార్కెట్లో పేరు ఒకటి, లోపల చిప్పు మరొకటి అయిన ఐఆర్‌ఎఫ్ 510లు తిరుగుతున్నాయి. నాకూ ఒక విడతలో అలాంటివే వచ్చాయి, ఎంత చేసినా రెండు వాట్లు దాటలేదు. చవక కాంపొనెంట్ టెస్టరులో పెట్టి గేట్ కెపాసిటెన్స్ చూస్తే గుట్టు బయటపడుతుంది. డేటాషీటు ప్రకారం అసలుదానికి ఇన్‌పుట్ కెపాసిటెన్స్ 180 పికోఫారడ్లు. టెస్టరు తక్కువ వోల్టేజి మీద కొలుస్తుంది కాబట్టి ఇంకొంచెం ఎక్కువే చూపిస్తుంది, అది సహజం. నాలుగైదు రెట్లు చూపిస్తే మాత్రం అది వేరే జాతి.

ఇక డమ్మీ లోడు. వెయ్యి ఓమ్‌ల రెండు వాట్ల రెసిస్టర్లు ఇరవై, రెండు రాగి రేకుల మధ్య పక్కపక్కన. మొత్తం యాభై ఓమ్‌లు, నలభై వాట్లు మోస్తుంది. వైర్‌వౌండ్ రెసిస్టర్లు వాడకూడదు, అవి కాయిళ్లలా ప్రవర్తిస్తాయి. కార్బన్ ఫిల్మ్‌వో మెటల్ ఫిల్మ్‌వో అడిగి తీసుకోండి. ఖర్చు ఒక పూట టిఫిన్ల డబ్బు. దీని మీదే ఒక 1ఎన్ 4148 డయోడు, ఒక కెపాసిటరు పెట్టి మల్టీమీటరు తగిలిస్తే వాట్‌మీటరు అయిపోయినట్టే. మీటరు చూపిన వోల్టులకు డయోడు మింగిన 0.7 కలిపి, వర్గం చేసి, వందతో భాగించాలి. 25.8 వోల్టులు వచ్చిందనుకోండి, 26.5 అవుతుంది, ఏడు వాట్లు. వేలు పోసి కొన్న మీటరుతో పక్కపక్కన పెట్టి చూశాను, తేడా చెప్పుకునేంత లేదు. సెట్టులో ఏ చిన్న మార్పు చేసినా ముందు దీని మీద నొక్కి చూడకుండా యాంటెన్నాకు తగిలించను. గాలిలోకి చెత్త వదలకుండా ఉండటానికి ఇంతకంటే చవక మార్గం లేదు.

నానోవీఎన్‌ఏ విషయంలో కొంచెం ఎక్కువ చెబుతాను. జపాన్‌లో ఒక హాబీయిస్టు చేసిన డిజైను అది, 2019 నుంచి క్లోన్లు విరివిగా వచ్చాయి. అంతకుముందు వెక్టర్ నెట్‌వర్క్ అనలైజర్ అంటే ల్యాబుల్లో ఉండే లక్షల సరుకు. అరచేతిలో పట్టేది ఇంట్లోకి రావడం హోమ్‌బ్రూ చేసేవాళ్లకు ఈ కాలంలో దొరికిన పెద్ద వరం అని నా అభిప్రాయం. డైపోల్ (నడుమ కేబుల్ తగిలించే తీగ యాంటెన్నా) కట్టాలంటే 143ని మెగాహెర్ట్జ్‌తో భాగించమని పుస్తకాలు చెబుతాయి, 7.1కి ఇరవై మీటర్ల చిల్లర వస్తుంది. కానీ మనం వాడేది ఇంటి వైరింగుకి వాడే ప్లాస్టిక్ తొడుగు తీగ, అది ఇంకొంచెం పొట్టిగా ఉండాలి. ఎంత పొట్టి అంటే తీగను బట్టి, ఎత్తును బట్టి, పక్కన ఉన్న కొబ్బరిచెట్టును బట్టి. కోయాక్స్ (యాంటెన్నా కేబుల్) చివర ఓపెన్, షార్ట్, లోడ్ అనే మూడు బిరడాలూ ఒక్కొక్కటిగా పెట్టి క్యాలిబ్రేట్ చేసి, అక్కడ యాంటెన్నా తగిలిస్తే తెర మీద గీత ఎక్కడ కిందికి దిగిందో కనిపిస్తుంది. ఆ గుంట కావాల్సినదానికంటే కింది ఫ్రీక్వెన్సీలో ఉంటే తీగ కత్తిరించడమే. పాత రోజుల్లో ఎస్‌డబ్ల్యూఆర్ మీటరు (యాంటెన్నా పవర్‌ను ఎంత వెనక్కి తోస్తోందో చూపేది) పెట్టి మైకు నొక్కుతూ పగలంతా చేసిన పని ఇప్పుడు కాఫీ చల్లారేలోగా అయిపోతుంది. వానపడి తీగ తడిస్తే ఆ గుంట ఇంకాస్త కిందికి జారుతుంది, కంగారుపడి కత్తిరించకండి, ఎండెక్కాక మళ్లీ పైకొస్తుంది. భోగాపురం, చింతపల్లి వైపు సముద్రానికి దగ్గరగా ఉండేవాళ్లు అతుకుల మీద సిలికాన్ పుయ్యాలి, ఉప్పుగాలికి రాగి పచ్చబడిపోతుంది.

క్రిస్టల్ ఫిల్టరు కొలిచేటప్పుడు తెర మీద 101 చుక్కలే ఉంటాయని గుర్తుంచుకోవాలి. వెడల్పు పది కిలోహెర్ట్జ్‌కి తగ్గిస్తే చుక్కకీ చుక్కకీ వంద హెర్ట్జ్ వస్తుంది, అప్పుడే ఫిల్టరు అసలు రూపం తెలుస్తుంది. ఫిల్టరు రెండొందల ఓమ్‌లదైతే రెండు వైపులా నూటయాభై ఓమ్‌ల రెసిస్టరు వరుసలో పెట్టండి. లేకపోతే గీత కొండలూ లోయలుగా వచ్చి, బాగున్న ఫిల్టరును విప్పి పాడుచేస్తారు.

తొంభై దగ్గరే ఆగడానికి కారణాలు ఉన్నాయి. మేడ మీద ఎండలో తెర కనపడదు, తువ్వాలు కప్పుకుని చూడాలి. చిన్న తెర మీద వేలితో నొక్కితే ఒకటి అనుకుంటే ఇంకొకటి తెరుచుకుంటుంది. ఎస్‌ఎంఏ అనే చిన్న మర కనెక్టర్లు ఊరికే అరిగిపోతాయి, ఒక చిన్న అడాప్టరు శాశ్వతంగా బిగించి, దానికే తగిలించుకోవాలి. నాకు వచ్చిన క్లోను రెండు వైపులా యూఎస్‌బీ-సీ ఉన్న కేబుల్‌తో ఛార్జ్ కాదు, ఒక వైపు పాత యూఎస్‌బీ-ఏ ఉన్న కేబులే కావాలి. అన్నిటికంటే ముఖ్యం: ట్రాన్స్‌మిటర్ ఉన్న తీగను దీనికి పొరపాటున కూడా తగిలించకూడదు. గాలివానకు ముందు యాంటెన్నాలో పేరుకునే స్టాటిక్‌ కూడా దీన్ని చంపేస్తుంది. తగిలించే ముందు కోయాక్స్ నడిమి పిన్నునీ షీల్డునీ ఒకసారి కలిపి వదలాలి. ఉరుములప్పుడైతే కోయాక్స్ పీకి కిటికీ బయట పడెయ్యడమే. "ఏటి బాబూ ఆ తీగ, మెరుపుల్ని లాగుతాదేటి?" అని పక్కింటి మామ్మ అడిగితే నవ్వి ఊరుకునేవాణ్ని గానీ, ఆవిడ అనుమానంలో అర్థం లేకపోలేదు.

టైనీఎస్‌ఏ అందరికీ అవసరం లేదు, నలుగురు మిత్రులు కలిసి ఒకటి కొనుక్కుంటే చాలు. హార్మోనిక్స్ చూడటమే దీని పని. 7.1 మీద మాట్లాడుతుంటే 14.2, 21.3 మీద కూడా మన గొంతు పోతుంటుంది, ఎంత పోతోందో ఇది చూపిస్తుంది. నేరుగా తగిలిస్తే పాడవుతుంది. డమ్మీ లోడు నుంచి 820 ఓమ్‌ల రెసిస్టర్లు మూడు వరుసగా, చివర 51 ఓమ్‌లు గ్రౌండుకు, ఆ చివర నుంచి టైనీఎస్‌ఏకి తీసుకుంటే నలభై డెసిబెల్స్ తగ్గి వస్తుంది. నా సెట్టులో హార్మోనిక్స్‌ను ఆపే లో పాస్ ఫిల్టరు 270, 680 పికోఫారడ్ల కెపాసిటర్లూ మూడు టొరాయిడ్లూ ఉన్న ఏడు పార్టుల రకం. హార్మోనిక్స్ అసలు సిగ్నల్ కంటే కనీసం 43 డెసిబెల్స్ కింద ఉండాలన్నది అమెరికా వాళ్ల నియమం, నేనూ దాన్నే గీతగా పెట్టుకున్నాను. ఫిల్టరు లేకుండా ఒకసారి చూడండి, ఐఆర్‌ఎఫ్ 510 ఎంత గోల చేస్తుందో అర్థమవుతుంది.

ఇంటి రొద ఇంకో కథ. చవక ఎల్‌ఈడీ బల్బులు, ఇన్వర్టరు, సోలార్ ఛార్జర్లు కలిసి నలభై మీటర్లను ముంచేస్తాయి. రైల్వే లైనుకు దగ్గరగా ఉంటే ఆ చిటపటలు అదనం. నేను వినేటప్పుడు యూపీఎస్ నుంచి తీసిన 12 వోల్టుల 7 ఆంపియర్ అవర్ బ్యాటరీ మీదే వింటాను. ఒక సాయంత్రానికి చక్కగా సరిపోతుంది. 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ వచ్చినప్పుడు మన జిల్లాల్లో కరెంటూ సెల్‌ఫోనూ రెండూ పోయాయి కాబట్టి బ్యాటరీ మీద నడిచే సెట్టుకు విలువ ఉంది. కానీ ఏడు వాట్ల ఇంటి సెట్టు పెట్టుకుని తుపాను సేవకు సిద్ధం అనుకోవడం గొప్పే. యాంటెన్నా కట్టిన కొబ్బరిచెట్టే ముందు కూలుతుంది.

లైసెన్సు గురించి రెండు మాటలు. ఏఎస్‌ఓసీ (హామ్ స్టేషను నడిపే అర్హతా పత్రం) పరీక్ష పాసై, కాల్ సైన్ చేతికొచ్చాకే గాలిలోకి. రిస్ట్రిక్టెడ్ గ్రేడుకు మోర్స్ కోడ్ అక్కర్లేదు, కాల్ సైన్ వీయూ3తో మొదలవుతుంది. అది వచ్చేలోగా సెట్టులో రిసీవరు భాగం మాత్రం కట్టుకుని వింటూ ఉండండి, చేతికి పనీ చెవికి అలవాటూ రెండూ వస్తాయి.

ఏళ్ల వాడకంలో నేను ఎక్కువసార్లు బాగుచేసింది ట్రాన్సిస్టర్లు కాదు, సెట్టును వినడం నుంచి మాట్లాడ్డానికి మార్చే స్విచ్చి, అంటే రిలే. వానాకాలం తేమకు కాంటాక్టులు నల్లబడి, మైకు వదిలాక రిసీవరు మూగబోతుంది, బల్ల మీద చరిస్తే పలుకుతుంది. పైగా సెట్టును పాత సెట్‌టాప్ బాక్సు డబ్బాలో పెట్టాను, దాని గాలి కన్నాల్లోంచి చీమలు దూరి రిలే లోపలే కాపురం పెడతాయి. కన్నాలకు దోమతెర ముక్క అతికించాను, పూర్తిగా మూసి ఉండే రకం రిలే వేశాను. ఈ రెండు మార్పులూ కొత్తవి, ఇంకా ఒక్క వానాకాలమూ చూడలేదు.