పది మూటల ఉప్పు, నాలుగున్నరేళ్ళ పూల్: నా అనుభవం

2021 మే నెలలో మా డ్రైవ్‌వేలో పది మూటల ఉప్పు దిగింది. ఒక్కో మూట 40 పౌన్లు, మన లెక్కలో 18 కిలోలు. వీడియో కాల్‌లో అవి చూసి నాన్న అడిగిన మొదటి మాట: "ఏరా, ఎన్ని జాడీల ఆవకాయ పెడుతున్నారు?" ఆయనది చినగంజాం. ఉప్పు మళ్ళ పక్కన పెరిగిన మనిషికి, డబ్బులిచ్చి మరీ స్విమ్మింగ్ పూల్‌లోని మంచినీళ్ళలో ఉప్పు కలుపుకుంటున్నామని చెప్పడానికి నాకు అరగంట పట్టింది. అప్పటికీ ఒప్పుకోలేదనుకోండి.

మేముండేది డాలస్ పక్కన ఫ్రిస్కోలో. పెరట్లో పూల్ 15,000 గ్యాలన్లు, సుమారు 57 వేల లీటర్లు. ఇల్లు కొన్నప్పటి నుంచీ క్లోరిన్ బిళ్ళలే వాడాం. ఉప్పుకి ముచ్చటపడి మారలేదు. 2020 ఆగస్టులో లారా హరికేన్ లూసియానాను కొట్టినప్పుడు లేక్ చార్లెస్ దగ్గర ఈ బిళ్ళలు చేసే పెద్ద ఫ్యాక్టరీ తగలబడింది. దానికి తోడు కరోనాతో ఇళ్ళలో కూర్చున్న జనం ఎగబడి పూల్స్ కట్టించుకున్నారు. మరుసటి ఏడాదికి బిళ్ళల డబ్బా ధర మాకు రెండింతలైంది, అదీ దొరికితే. ఈలోగా ఫిబ్రవరిలో టెక్సాస్ మొత్తం గడ్డకట్టింది. కరెంటు పోయి, పంపు ఆగి, ఫిల్టరు, బిళ్ళలు వేసే గొట్టం రెండూ పగిలాయి. ఎలాగూ కొత్తవి కొనాలి కదా అని ఉప్పు సిస్టమ్‌కి వెళ్ళాం. పరికరం, బిగింపు కలిపి 1,900 డాలర్లు అయింది.

"ఉప్పు పూల్‌లో క్లోరిన్ ఉండదటగా?" అని ఇంటికొచ్చిన వాళ్ళలో సగంమంది అడుగుతారు. ఉంటుంది. కొనుక్కొచ్చి వేసే బదులు పెరట్లోనే తయారు చేసుకుంటున్నాం, అంతే. నీళ్ళు ఫిల్టరు, హీటరు దాటాక చివర్లో సెల్ అనే గొట్టంలోకి వెళతాయి. లోపల రుథీనియం పూత పూసిన టైటానియం రేకులుంటాయి. వాటిలో కరెంటు పారితే ఉప్పులోని క్లోరైడ్ క్లోరిన్‌గా మారుతుంది. అది పాచినీ క్రిములనీ చంపి మళ్ళీ ఉప్పుగానే మిగులుతుంది. అందుకే మాటిమాటికీ ఉప్పు పోయక్కర్లేదు. నీళ్ళు ఆవిరైతే ఉప్పు పోదు, వానకి పొంగి బయటికి పోతేనో, ఫిల్టరు కడిగితేనో పోతుంది.

ఉండాల్సిన ఉప్పు సుమారు 3,200 పీపీఎం (పది లక్షల్లో ఇన్ని వంతులు), అంటే లీటరుకి మూడు గ్రాములు. సముద్రంలో 35 గ్రాములుంటుంది. 2023లో నాన్న వచ్చినప్పుడు అరచేత్తో నీళ్ళు తీసి నాలుక్కి తగిలించుకున్నారు. "చప్పిడి చారులా ఉంది. దీనికా పది మూటలు?"

నిజానికి పది అక్కర్లేదు. అదే మాకు మొదటి దెబ్బ. బిగించడానికొచ్చినతను 15,000 గ్యాలన్లకి పది మూటలని పట్టికలో చూసి, పాత నీళ్ళని కొలవకుండానే అన్నీ గుమ్మరించాడు. ఏళ్ళ తరబడి క్లోరిన్ వాడిన పూల్‌లో ఉప్పు ముందే పోగుపడి ఉంటుందని అప్పుడు నాకూ తెలియదు. మర్నాడు సెల్ 4,300 చూపించి, ఉప్పు ఎక్కువైందని ఆగిపోయింది. దాదాపు నాలుగోవంతు నీళ్ళు తోడి పారబోసి కొత్త నీళ్ళు పట్టాల్సి వచ్చింది. ఆ నీళ్ళు కొంత పెరట్లోకి వదిలాను. కంచె పక్కన గడ్డి ఆ వేసవంతా పచ్చబడలేదు.

ఒక్క ఊరట. బిళ్ళలతో పాటు నీళ్ళలో సైనూరిక్ యాసిడ్ కూడా చేరుతూ ఉంటుంది. ఎండకి క్లోరిన్ ఎగిరిపోకుండా కాపాడేది అదే, కానీ మితిమీరితే క్లోరిన్ ఉన్నా పని చేయదు. మాది 120 దాటింది. నీళ్ళు మార్చడంతో 90కి దిగింది. ఇప్పుడు 70 దగ్గర నిలబెడుతున్నాను, ఉప్పు పూల్‌కి అది సరిపోతుంది.

ఈతలో తేడా ఉందా? ఉంది. నీళ్ళు మెత్తగా అనిపిస్తాయి. మా అమ్మాయి కళ్ళు ఎర్రబడడం తగ్గింది. కానీ నిజాయితీగా చెప్పాలంటే కళ్ళు మండేది చెమటా అదీ కలిసి పాడైన క్లోరిన్ వల్ల, పీహెచ్ తప్పడం వల్ల. శ్రద్ధగా చూసుకుంటే మామూలు పూల్‌లో కూడా మండవు. మేం చూసుకోలేదు. సెల్ రోజూ కొంచెం కొంచెంగా క్లోరిన్ వదులుతుంది గనక మా బద్ధకం బయటపడడం లేదు.

పని తగ్గుతుందన్నారు. తగ్గలేదు, మారింది. బిళ్ళలు పీహెచ్‌ని కిందికి లాగుతాయి, సెల్ దీనికి ఎదురు. లోపల పుట్టే హైడ్రోజన్ బుడగలు నీళ్ళలోని కార్బన్ డయాక్సైడ్‌ని తరిమేస్తాయి, పీహెచ్ పైకి పాకుతుంది. మొదటి వేసవిలో ప్రతి శనివారం కొలిస్తే 8.2. ప్రతి శనివారం మ్యూరియాటిక్ (హైడ్రోక్లోరిక్) యాసిడ్ జగ్గు పట్టుకుని పూల్ చుట్టూ ప్రదక్షిణ. చివరికి తెలిసిందేమిటంటే, మా నీళ్ళలో ఆల్కలినిటీ, అంటే కరిగి ఉన్న బైకార్బొనేట్ల లెక్క, 120 ఉండడం వల్లే అంత వేగంగా పెరుగుతోంది. దాన్ని 70కి దించాక మూడు వారాలకోసారి యాసిడ్ వేస్తే చాలుతోంది. 7.8 ఉంటే నేనిప్పుడు ముట్టుకోను. మొదట్లో 7.4 కావాలని వెంటపడి చాలా యాసిడ్ తగలేశాను.

ఇంకో పని, సెల్ కడగడం. హైదరాబాద్‌లో బోరు నీళ్ళ గీజర్ విప్పి చూసినవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. మూడు నెలలకోసారి రెండు వైపులా మరలు విప్పి గొట్టాన్ని వెలుతురుకి పట్టి చూస్తాను. రేకుల మధ్య తెల్లగా, పళ్ళకి గార పట్టినట్టు ఉంటుంది. బకెట్‌లో నాలుగు వంతుల నీళ్ళు పోసి, ఆ తర్వాత ఒక వంతు యాసిడ్ పోయాలి, తిరగేసి మాత్రం పోయకూడదు. అందులో సెల్ దించగానే సోడా కొట్టినట్టు బుస్సుమని నురగ వస్తుంది. నురగ ఆగిందంటే గార పోయినట్టే. ఆ తర్వాత కూడా నానబెడితే పూతే పోతుంది. కత్తితో గీకితే సెల్ చచ్చినట్టే, ఆ పని ఒకసారి మా పక్కింటాయన చేసి చూశాడు.

పరికరం కొనేముందు కొలిచే కిట్ కొనండి. నేను వాడేది టేలర్ కే-2006. క్లోరిన్ కొలవడానికి సీసాలో నీళ్ళు 10 మిల్లీలీటర్లు పట్టి, పొడి వేస్తే గులాబీ రంగు వస్తుంది. ఆపైన చుక్క చుక్కగా మందు వేస్తూ రంగు విరిగేదాకా లెక్కపెట్టాలి, చుక్కకి అర పీపీఎం. రంగు కాగితాల మీద ఆధారపడ్డ రోజుల్లో అది లేత గులాబీనా ముదురు గులాబీనా అని ఇంట్లో పంచాయతీ జరిగేది.

సెల్ సైజులో పిసినారితనం వద్దు. మాది రోజంతా నూటికి నూరు నడిస్తే 1.4 పౌన్ల క్లోరిన్ చేస్తుంది, మా పూల్‌కి 11 పీపీఎం. జూలై ఎండల్లో మాకు రోజుకి మూడున్నర దాకా కావాలి. పన్నెండు గంటలు 65 శాతం మీద నడిపితే వచ్చేస్తుంది. చలికాలంలో నీళ్ళు 60 డిగ్రీల ఫారెన్‌హీట్ కిందికి దిగితే మా సెల్ పని చేయదు, ఆ రెండు మూడు నెలలూ లిక్విడ్ క్లోరిన్ డబ్బాలే గతి.

నాకు గట్టిగా నచ్చనిది ఒకటుంది, రాయి. మా పూల్ అంచు మెత్తటి సున్నపురాయి. పిల్లలు చిమ్మిన నీళ్ళు ఎండకి ఆరిపోయి, ఉప్పు రాతి సందుల్లో గడ్డకడుతుంది. రెండో ఏడాదికి పూల్‌కి కట్టిన జలపాతం దగ్గర రాయి పొరలు పొరలుగా లేచింది, వేలు పెట్టి రుద్దితే పొడి రాలుతోంది. అప్పట్నుంచి ఏటా సీలర్ (నీళ్ళు రాతిలోకి ఇంకకుండా ఆపే పూత) పూయిస్తున్నాను, ఈతలయ్యాక అంచుని గొట్టంతో కడుగుతున్నాం. మీది గ్రానైటో, కాంక్రీటో అయితే ఇంత టెన్షన్ ఉండదు. సున్నపురాయైతే మాత్రం ముందు రాయి గురించి ఆలోచించండి, ఉప్పు సంగతి తర్వాత.

శంకర్‌పల్లిలో ఫామ్‌హౌస్ ఉన్న మా స్నేహితుడు పెట్టించుకోమంటావా అని అడిగాడు. బోరు నీళ్ళలో కాల్షియం, ఉప్పు ముందు కొలిపించుకో, లేకపోతే రోజూ సెల్ కడుక్కుంటూ కూర్చుంటావన్నాను.

డబ్బు కలిసొస్తుందని మాత్రం పెట్టించుకోకండి. ధర పెరిగాక కూడా బిళ్ళలకి ఏడాదికి 350 డాలర్లు దాటేది కాదు. సెల్ అరుగుతుంది, కంపెనీలు చెప్పే ఆయుష్షు సుమారు 10,000 గంటలు, కొత్తది 900 డాలర్లు. నేను కొన్నది సౌకర్యం. రెండు వారాలు ఇండియా వెళ్ళొచ్చినా నీళ్ళు ఆకుపచ్చబడలేదు. బిళ్ళల కాలంలో నాలుగు రోజులు ఊరెళితే చాలు, పాచి స్వాగతం చెప్పేది.

మా మొదటి సెల్ 2025 ఆగస్టులో, నాలుగేళ్ళు దాటాక పోయింది. పోయేముందు ఉప్పు తక్కువైందని, 2,500 ఉందని చూపించింది. వెంటనే రెండు మూటలు తెచ్చాను. వేసేముందు ఈసారి ఉప్పు కొలిచే వేరే కిట్‌తో కొలిచాను, 3,300. రేకుల పూత అరిగిపోయిన సెల్ ఉప్పుని తక్కువ చేసి చూపిస్తుందట. కొత్త సెల్ నేనే బిగించాను, పది నిమిషాల పని. మూటలు గ్యారేజీలో విప్పకుండా అలాగే ఉన్నాయి.