ఫెలోషిప్‌లో కాల్, సెలవులు, మధ్యలో ఆమియాన్: వాడినవాళ్ల మాటగా ఒక రివ్యూ

వచ్చే జూలైలో అమెరికాలో ఫెలోషిప్ (రెసిడెన్సీ అనే స్పెషాలిటీ ట్రైనింగ్ తర్వాత చేసే సూపర్ స్పెషాలిటీ ట్రైనింగ్) మొదలుపెట్టే మన డాక్టర్లు ఈ మధ్య ఎక్కువగా అడిగేవి రెండే: కాల్ (రాత్రుళ్లూ వీకెండ్‌లూ పిలిస్తే పలికే డ్యూటీ) ఎలా ఉంటుంది, ఇండియా వెళ్లడానికి సెలవు దొరుకుతుందా. రెండూ తేలేది షెడ్యూల్‌లోనే, ఆ షెడ్యూల్ చాలా ప్రోగ్రాముల్లో ఆమియాన్ అనే ఆన్‌లైన్ డ్యూటీ షెడ్యూల్ సాఫ్ట్‌వేర్‌లో ఉంటుంది. నేను కార్డియాలజీ ఫెలోని, రెసిడెన్సీ నుంచీ రోజూ తెరిచేది ఇదే, అందుకే రాస్తున్నా. డబ్బు కట్టేది హాస్పిటల్ కాబట్టి రేటు సంగతి నాకు పట్టదు.

చూడ్డానికి ఏమీ ఉండదు. రైలు బోగీకి అతికించే రిజర్వేషన్ చార్టులా గళ్లూ పేర్లూ, అంతే. 2022లో డాక్సిమిటీ అనే డాక్టర్ల నెట్‌వర్క్ కంపెనీవాళ్లు దీన్ని కొన్నారు, అయినా నేను వాడేది ఇంకా ఆ పాత గళ్ల టేబులే, నాకు అదే నచ్చుతుంది. మా డిపార్ట్‌మెంట్ షెడ్యూల్‌కి అందరికీ ఒకటే పాస్‌వర్డ్. ఆపరేటరైనా, ఐసీయూ నర్సైనా, పక్క డిపార్ట్‌మెంట్ ఇంటర్నైనా తెరిచి ఈ రాత్రి కార్డియాలజీ ఫెలో ఎవరో చూసి అక్కడి నుంచే పేజ్ చేస్తారు (పిలుపు మెసేజ్ పంపుతారు). అర్ధరాత్రి గుండెపోటు కేసు వచ్చినప్పుడు ఎవర్ని లేపాలా అని నలుగురికి ఫోన్లు చేసే పని లేదు. ఈ ఒక్క పనికి ఐదుకి ఐదు ఇచ్చేస్తా.

సమస్యంతా గడిలో కనపడని దాంతోనే. మాది హోమ్ కాల్, అంటే ఇంట్లో ఉండొచ్చు కానీ పిలిస్తే అరగంటలో క్యాథ్ ల్యాబ్‌లో (గుండె రక్తనాళాల బ్లాకులు తెరిచే గదిలో) ఉండాలి. రెండున్నరకి ఎమర్జెన్సీ నుంచి ఫోన్, ఈసీజీ ఫొటో, కళ్లు నులుముకుంటూ ఎస్టీ ఎలివేషన్ (పెద్ద గుండెపోటు గుర్తు) ఉందా లేదా అని స్క్రీన్ పెద్దది చేసి చూడటం, లేదని తేలితే ట్రోపోనిన్ (గుండె దెబ్బతిందా అని చూసే రక్త పరీక్ష) మళ్లీ ఎప్పుడు పంపాలో చెప్పి పడుకోవడం, పడుకున్న ఇరవై నిమిషాలకి సర్జరీ వార్డు నుంచి ఏట్రియల్ ఫిబ్రిలేషన్ (గుండె లయ తప్పడం) గురించి ఇంకో ఫోన్, పొద్దున ఎనిమిదికి మామూలుగా క్లినిక్. ఇలాంటి రాత్రయినా, ఒక్క ఫోనూ రాని రాత్రయినా ఆమియాన్‌లో ఒకే గడి, ఒకే పేరు. మా అమ్మ కూడా అంతే, "ఇవాళ ఇంట్లోనే ఉన్నావుగా, ఇంక డ్యూటీ ఏంటి నాన్నా?" అంటుంది.

ఇక్కడ ఏసీజీఎంఈ (అమెరికాలో ఈ ట్రైనింగ్ ప్రోగ్రాములకి గుర్తింపు ఇచ్చే సంస్థ) రూల్స్ తెలిసి ఉండటం అవసరం, ఎందుకంటే వాటిని మీ బదులు ఎవరూ గుర్తు పెట్టుకోరు. నాలుగు వారాల సగటున వారానికి 80 గంటలు దాటకూడదు, ఆ 80లో ఇంటి నుంచి మాట్లాడిన ఫోన్లూ, పేషెంట్ చార్ట్‌లో రాసిన నోట్లూ కూడా కలుస్తాయి. కానీ పది నిమిషాల ఫోన్ ఏం రాస్తాంలే అని ఎవరూ లాగ్ చేయరు. పైగా మా ప్రోగ్రాంలో గంటలు రాసే సాఫ్ట్‌వేర్ వేరు, దాన్ని ఆమియాన్‌తో కలపలేదు, కాబట్టి ఆదివారం రాత్రి కూర్చుని వారమంతా గుర్తు చేసుకుని నింపాలి. హాస్పిటల్లోనే 24 గంటల కాల్ చేస్తే తర్వాత 14 గంటలు ఖాళీ ఇవ్వాలి, హోమ్ కాల్‌కి ఆ రూల్ లేదు. మూడు రాత్రులకి ఒకసారికి మించి కాల్ వేయకూడదన్న రూల్ కూడా హోమ్ కాల్‌కి వర్తించదు. ఒకటి మాత్రం గట్టిగా పట్టుకోండి: ఏడు రోజులకి ఒక రోజు పూర్తి సెలవు ఇవ్వాలి, ఆ రోజున హోమ్ కాల్ కూడా వేయకూడదు. అయితే ఇదీ నాలుగు వారాల సగటే, కాబట్టి వరసగా పన్నెండు రోజులు పనిచేయించి తర్వాతి వీకెండ్ ఖాళీ ఇచ్చినా అది రూల్ ప్రకారమే. షెడ్యూల్ రాగానే నెల మొత్తం ఒక్కసారి తెరిచి ఈ ఖాళీలు లెక్కపెట్టుకోండి. ఇలా చూసుకోవడానికి గళ్ల టేబుల్ చాలా బాగుంటుంది.

స్వాప్‌ల విషయంలో పర్లేదు. కాల్ మార్చుకోవాలంటే రిక్వెస్ట్ పెట్టొచ్చు, షెడ్యూల్ చూసేవాళ్లు ఒప్పుకుంటే మారుతుంది. అసలు బేరం మాత్రం వాట్సాప్ గ్రూప్‌లోనే. థ్యాంక్స్‌గివింగ్, క్రిస్మస్ మనవాళ్లు చేసి, బదులుగా సంక్రాంతికో దసరాకో వీకెండ్ తీసుకోవడం చాలా చోట్ల నడిచే ఒప్పందమే, ఇద్దరికీ లాభం. కానీ ఎవరు ఎవరికి ఎన్ని కాల్స్ బాకీ ఉన్నారో మీరే రాసి పెట్టుకోవాలి. డిసెంబర్‌లో "నీకెప్పుడైనా చేస్తాలే" అన్నవాళ్లకి మే నెలలో అది గుర్తుండదు. ఇంకో మాట, ఆమియాన్ క్యాలెండర్ ఫీడ్‌ని ఫోన్‌కి కలుపుకోవచ్చు, మంచిదే, కానీ గూగుల్ క్యాలెండర్ బయటి ఫీడ్‌ని వెంటనే రిఫ్రెష్ చేయదు, గంటలు పట్టొచ్చు. స్వాప్ జరిగిన రోజు నేరుగా సైట్ తెరిచి చూడండి.

లాంగ్ లీవ్‌ల దగ్గర అసలు టెన్షన్. 2022 జూలై నుంచి ఏసీజీఎంఈ ప్రకారం ట్రైనింగ్ మొత్తంలో ఒకసారైనా ఆరు వారాల లీవ్ పూర్తి జీతంతో ఇవ్వాలి, కాన్పుకైనా, సొంత జబ్బుకైనా, ఇంట్లోవాళ్లని చూసుకోవడానికైనా. చాలా మంచి రూల్. కానీ ఆ ఆరు వారాల కాల్స్ ఎవరు చేస్తారో రూల్ చెప్పదు. ప్రోగ్రాం అదనంగా ఎవరినీ పెట్టకపోతే మిగిలిన ఫెలోల గళ్లలోకే వచ్చి పడతాయి, లీవ్ తీసుకున్నవాళ్లు పాపం తిరిగొచ్చాక అందరికీ సారీ చెప్పుకుంటూ తిరుగుతారు. ఇది సాఫ్ట్‌వేర్ తప్పు కాదు, ముందే మనిషిని చూసుకోని ప్రోగ్రాంది. ఇంటర్వ్యూలో అడగాల్సిన ప్రశ్న ఇదే: లీవ్‌లో ఉన్నవాళ్ల కాల్ ఎవరు చేస్తారు? తడబడితే అర్థం చేసుకోండి. ఇంటర్నల్ మెడిసిన్ వైపు ఫెలోషిప్‌లైతే ఏబీఐఎం (వాటి బోర్డు సర్టిఫికేషన్ ఇచ్చే సంస్థ) ట్రైనింగ్‌కి దూరంగా ఉండటానికి ఏడాదికి 35 రోజుల వరకు ఒప్పుకుంటుంది, వెకేషన్ కూడా అందులోనే.

ఇండియా ట్రిప్‌కి ఒక వారం చాలదు, రానూపోనూ ప్రయాణానికే మూడు రోజులు పోతాయి. రెండు వారాలు కలిపి అడగండి, ముందు వెనక వీకెండ్‌లు కూడా ఖాళీగా ఉంచమని అదే రిక్వెస్ట్‌లో రాయండి, లేకపోతే వెకేషన్ సోమవారం మొదలై దానికి ముందు ఆదివారం రాత్రి కాల్ మీ పేరు మీదే ఉంటుంది. జె-1 వీసా మీద ఉండి పాస్‌పోర్ట్‌లో వీసా స్టాంప్ గడువు ముగిసినవాళ్లయితే హైదరాబాద్ కాన్సులేట్ స్లాట్ చూసుకోకుండా తేదీలు ఇవ్వకండి, తిరిగి రావడం ఆలస్యమైతే మీ కాల్ ఇంకొకరు చేయాలి, ఆ బాకీ తీర్చడం కష్టం.

మొత్తానికి ఐదుకి నాలుగు. కట్ చేసిన ఒక్కటీ ఫోన్ కాల్స్ లెక్క కనపడనందుకు. కొత్త ఏడాది షెడ్యూల్ రిక్వెస్ట్‌లు చాలా చోట్ల వేసవి రాకముందే అడుగుతారు, చీఫ్ ఫెలో మెయిల్ వచ్చిన రోజే సంక్రాంతి, తమ్ముడి పెళ్లి, అన్నీ తేదీలతో సహా పంపేయండి.