చవక మల్టీమీటరు, ఇంట్లో చేసుకున్న టెస్ట్ బల్బు: ఏళ్ల తరబడి వాడాక నా అభిప్రాయం

బండిలో కరెంటు తేడా వచ్చిందంటే మన దగ్గర ముందుగా వినిపించే మాట "బ్యాటరీ పోయింది, మార్చేయండి". ఆ తర్వాత డైనమో, ఆ తర్వాత సెల్ఫ్ మోటారు, చివరికి వైరింగ్ కిట్టు మొత్తం. సామాన్లు మారుతూనే ఉంటాయి, తేడా మాత్రం అలాగే ఉంటుంది. ఈ తంతు తప్పించుకోవడానికి నేను ఏళ్లుగా వాడుతున్నవి రెండే. ఒకటి, 300 రూపాయల లోపు దొరికే పసుపురంగు డిజిటల్ మల్టీమీటరు. రెండోది, ఇండికేటర్‌లో వేసే 21 వాట్ల బల్బుకి హోల్డరు, రెండు వైర్లు, క్రొకడైల్ క్లిప్పులు తగిలించి ఇంట్లోనే చేసుకున్న టెస్ట్ బల్బు. మా పాత డీజిల్ కారు, బైకు, బావగారి ట్రాక్టరు, మూడింటికీ ఇవే.

మీటరు డయల్ మీద చాలా అంకెలుంటాయి గానీ, బండి పనికి ఎక్కువసార్లు అక్కరకొచ్చేది 20 వోల్టుల డీసీ రేంజి. రాత్రంతా కదలకుండా ఉన్న బండికి పొద్దున్నే బ్యాటరీ టెర్మినల్స్ మీద పెడితే 12.6 చూపించాలి. 12.2 అంటే సగం ఖాళీ, 12 కంటే కిందకు దిగితే దాదాపు అడుగంటినట్టే. ఇంజను నడుస్తుండగా 13.8 నుంచి 14.5 మధ్య ఉంటే డైనమో తన పని తాను చేస్తోంది. సెల్ఫ్ కొట్టేటప్పుడు 9.6 కంటే కిందకు జారకూడదు. ఈ మూడు రీడింగులకు రెండు నిమిషాలు చాలు. బ్యాటరీ మార్చాలా వద్దా అన్నది చాలాసార్లు ఇక్కడే తేలిపోతుంది. ఖరీదైన మీటరు పక్కన పెట్టి చూశాను, ఈ రేంజిలో తేడా రెండో దశాంశంలోనే. ఇంత చవక వస్తువుకు అది గొప్పే.

అయితే నేను దీనికి పూర్తి మార్కులు వేసేది వోల్టేజ్ డ్రాప్ పరీక్షకు, అంటే కరెంటు పారేటప్పుడు దారిలో ఎంత వోల్టేజి పోతోందో కొలవడానికి. మీటరు కొన్నవాళ్లలో చాలామంది చేయని పని ఇదే. బావగారి ట్రాక్టరు నాట్ల సమయంలో మొండికేసింది. తాళం తిప్పితే సెల్ఫ్ మూలిగి ఆగిపోతోంది. అప్పటికే ఒకాయన చూసి బ్యాటరీ పోయిందని తేల్చేసి వెళ్లాడు. బావ కొత్తది తేవడానికి బయల్దేరుతున్నాడు. "ఆగండి బావా, ఐదు నిమిషాలు మీటరు పెట్టి చూద్దాం" అన్నాను. బ్యాటరీ మీద 12.5 ఉంది. సెల్ఫ్ కొట్టిస్తే 10.8 దగ్గర నిలబడింది. అంటే బ్యాటరీలో దమ్ముంది. తర్వాత నల్ల ప్రోబ్ (మీటరు వైరు కొస) బ్యాటరీ మైనస్ మీద, ఎర్ర ప్రోబ్ ఇంజను బ్లాకులో పెయింటు లేని బోల్టు తల మీద పెట్టి మళ్లీ కొట్టమన్నాను. 1.9 వోల్టులు వచ్చింది.

ఆ రెండు చోట్లా ఉన్నది మైనస్సే కాబట్టి మీటరు సున్నాకు దగ్గర్లో ఉండాలి. సెల్ఫ్ మోటారు లాగే అంత పెద్ద కరెంటుకు కూడా 0.2, మహా అయితే 0.3. బ్యాటరీ ఇస్తున్న 10.8లో 1.9 దారిలోనే పోతే మోటారుకు దక్కేది 8.9. బ్యాటరీ మైనస్‌ను బండి ఇనుముకు కలిపే ఎర్త్ తీగ విప్పి చూశాం. పైకి శుభ్రంగా కనిపిస్తున్న లగ్గుకు (తీగ చివరి లోహపు బిళ్లకు) అడుగున, ఛాసిస్‌కి ఆనే వైపు ఎర్రటి తుప్పు పొర. లగ్గు నొక్కిన చోట రాగి పోగుల నిండా పచ్చటి చిలుము, గోటితో గీరితే కొన్ని పోగులు పొడి పొడిగా రాలిపోయాయి. కొత్త లగ్గు వేయించి, ఛాసిస్ ఇనుము మెరిసేదాకా గరుకు కాగితంతో రుద్ది, బిగించాక పైన పెట్రోలియం జెల్లీ పూశాం. మళ్లీ కొలిస్తే 0.15. ఇంజను ఒక్క దెబ్బకే అందుకుంది. ఆ బ్యాటరీ ఇంకా ఆ ట్రాక్టరుకే ఉంది.

అదే తీగను ఓమ్స్ రేంజిలో, అంటే తీగ అడ్డును కొలిచే రేంజిలో, చూస్తే ఏమీ తేలదు. 200 ఆంపియర్లు పారేటప్పుడు 2 వోల్టులు పోగొట్టడానికి 0.01 ఓమ్ అడ్డు చాలు, ఈ మీటరు గుర్తించగలిగే అతి చిన్న అంకె 0.1 ఓమ్. అందుకే కరెంటు పారుతుండగానే కొలవాలి. హెడ్‌లైటు మసకగా ఉందని ఎక్కువ వాట్ల బల్బు వేయించే వాళ్లకు కూడా ఇదే చెబుతాను. మామూలు ఫిలమెంటు బల్బుకు వోల్టేజి పదో వంతు తగ్గితే వెలుతురు దాదాపు మూడో వంతు తగ్గిపోతుంది. ముందు లైటు వేసి ఉంచి, బల్బు ఎర్త్‌కీ బ్యాటరీ మైనస్‌కీ మధ్య ఎంత ఉందో చూడండి.

ఇక టెస్ట్ బల్బు. దీని విలువ మా కారు వెనక లైటు దగ్గర బాగా తెలిసొచ్చింది. లైటు వెలగడం లేదు, కొత్త బల్బు వేసినా అంతే. హోల్డరు దగ్గర మీటరు పెడితే 12.4 చూపిస్తోంది. కరెంటు వస్తోందిగా అనిపిస్తుంది. అదే చోట టెస్ట్ బల్బు తగిలిస్తే మిణుకుమంది, మీటరు 3 వోల్టులకు పడిపోయింది. డిక్కీ కార్పెట్ కింద వైరును ఎలుక కొరికేసింది, చిలుము పట్టి అరకొరగా తగులుతున్న ఒకటి రెండు పోగులే మిగిలాయి. మీటరు లాగేది మైక్రో ఆంపియర్లలో కాబట్టి దానికి ఒక్క పోగు చాలు. 21 వాట్ల బల్బుకి పావు తక్కువ రెండు ఆంపియర్లు కావాలి, అది ఆ పోగు వల్ల కాదు. అందుకే లైట్లు, హారన్, వైపరు, ఫ్యాను లాంటి వాటికి నేను ముందు బల్బుతోనే చూస్తాను, తర్వాతే మీటరు.

కానీ బల్బును ఎక్కడ పడితే అక్కడ పెట్టొద్దు. ఈసీయూకి (ఇంజనును నడిపే కంప్యూటరుకి) వెళ్లే వైర్లు, సెన్సార్ల 5 వోల్టుల వైర్లు ఆ భారం తట్టుకోలేవు. స్టీరింగ్ కింద పసుపు కనెక్టర్లుంటే అవి ఎయిర్‌బ్యాగువి, వాటి దగ్గరికి బల్బూ వద్దు, మీటరూ వద్దు. హైబ్రిడ్, ఎలక్ట్రిక్ కార్లలో నారింజ రంగు కేబుళ్లు ప్రాణాంతకమైన వోల్టేజివి. ఈ చవక మీటరుతో వాటి జోలికి అస్సలు పోవద్దు.

కారు నాలుగు రోజులు కదలకపోతే బ్యాటరీ డౌన్ అయ్యే జబ్బు కూడా ఈ మీటరుతోనే పట్టాను. మైనస్ తీగ విప్పి, ఎర్ర ప్రోబ్ వైరును మీటరు 10 ఆంపియర్ల సాకెట్‌లో పెట్టి, ఆ తీగకీ బ్యాటరీకీ మధ్యలో మీటరును కలపాలి. డోరు తెరిచి ఉంచి పని చేయాలంటే, దాని లాక్‌ను స్క్రూడ్రైవర్‌తో నొక్కేస్తే డోరు మూసి ఉందనే కారు అనుకుంటుంది. కొత్త కార్లలో కంట్రోలర్లన్నీ (ఈసీయూ లాంటి చిన్న కంప్యూటర్లు) నిద్రలోకి జారుకోవడానికి అరగంట పట్టొచ్చు, అప్పటిదాకా రీడింగును నమ్మకూడదు. మామూలుగా 0.05 ఆంపియర్ల లోపు ఉండాలి. మాకు 0.38 వచ్చింది. రోజుకు 9 ఆంపియర్-అవర్లు, 35 ఆంపియర్-అవర్ల బ్యాటరీ ఎన్నాళ్లు ఆగుతుంది? బయట బిగించుకున్న స్టీరియో ఆఫ్ చేసినా నిద్రపోవడం లేదని తేలింది.

ఫ్యూజులు ఒక్కొక్కటీ పీకి చూడటం కంటే మంచి పద్ధతి ఉంది. మీటరును 200 మిల్లీవోల్టుల రేంజిలో పెట్టి, ఫ్యూజు వీపు మీద కనిపించే రెండు లోహపు చుక్కల మధ్య కొలవాలి. సున్నా అయితే అందులో కరెంటు పారడం లేదు. 0.1 మిల్లీవోల్టు కనిపించినా ఆ లైను మీద కన్నేయాలి. ఫ్యూజు కదపనక్కర్లేదు కాబట్టి నిద్రపోయిన కంట్రోలర్లు మేలుకోవు. ఈ ఒక్క రేంజి కోసమైనా ఈ మీటరు కొనొచ్చు.

లోపాలు లేకపోలేదు. అన్నిటికంటే పెద్దది 10 ఆంపియర్ల సాకెట్‌కు లోపల ఫ్యూజు లేకపోవడం. ఆ సాకెట్‌లో ప్రోబ్ ఉండగా బ్యాటరీ మీద నేరుగా పెడితే వైర్లు కాలిపోతాయి, మధ్యలో మీటరు ఉండగా సెల్ఫ్ కొట్టినా అంతే. మీటరుతో వచ్చే ప్రోబ్ వైర్లు నాసిరకం. పిడి దగ్గర లోపల్లోపల తెగి, ఒకసారి చూపించి ఒకసారి చూపించక అనవసరమైన టెన్షన్ పెడతాయి. నేను మెత్తటి సిలికాన్ వైర్లు మార్చుకున్నాక ఆ బాధ పోయింది. ఇంకోటి, లోపలి 9 వోల్టుల బ్యాటరీ నీరసపడితే అంకెలు పెరిగి కనిపిస్తాయి. 12.6 ఉన్నచోట 13 పైన చూపిస్తే డైనమో బాగుందని మోసపోతాం. తెర మీద బ్యాటరీ గుర్తు వచ్చిన రోజే మార్చేయాలి. బ్యాక్‌లైటు లేదు, రాత్రి రోడ్డు పక్కన ఫోన్ టార్చి పట్టుకోవాలి.

కారు కంప్యూటరులోని తప్పుల కోడ్‌లను ఫోన్‌లో చూపించే బ్లూటూత్ స్కానర్ ఉంటే ఇవెందుకని అడుగుతుంటారు. నా దగ్గర అదీ ఉంది, ఇంజను లైటు వెలిగితే మంచి సాయం. కానీ అది పి0562 అనే కోడ్ చూపిస్తే సిస్టమ్ వోల్టేజి తక్కువగా ఉందని మాత్రమే అర్థం. ఎక్కడ, ఎందుకు అన్నది చెప్పదు. ఎర్త్ సరిగ్గా లేనప్పుడు సంబంధం లేని సెన్సార్ల కోడ్‌లు కూడా వరసగా వస్తాయి. వాటిని చూసి సెన్సార్లు మార్పిస్తే డబ్బు దండగ. బైకుకైతే స్కానర్ కంటే మీటరే నయం. మన దేశంలో 2017 ఏప్రిల్ నుంచి వచ్చిన కొత్త బైకులకు, స్కూటర్లకు చాలావరకు ఇంజను నడుస్తున్నంతసేపూ హెడ్‌లైటు వెలిగే ఉంటుంది. అయినా ఇంజను రేజ్ చేస్తే బ్యాటరీ మీద 14 దగ్గర్లో ఉండాలి. 15 దాటిందంటే వోల్టేజిని అదుపులో ఉంచే రెగ్యులేటరు పోయినట్టే, బల్బులు పదే పదే ఎందుకు మాడుతున్నాయో తెలిసిపోతుంది.

ఇప్పుడు కొత్తగా కొనేవాళ్లకు ఇంకాస్త ఖర్చు పెట్టి, ఆంపియర్ సాకెట్‌కు ఫ్యూజు, బ్యాక్‌లైటు, 10 మెగా ఓమ్ ఇన్‌పుట్ (కొలిచే చోట అతి తక్కువ కరెంటు లాగుతుంది) ఉన్న, రేంజిని తనే ఎంచుకునే ఆటో రేంజి మీటరు తీసుకోమని చెబుతాను. తీగ విప్పే పని లేకుండా, దాని చుట్టూ తగిలించి కరెంటు కొలిచే క్లాంప్ మీటరు కావాలనుకుంటే షాపులోనే డయల్ మీద డీసీ ఆంపియర్ల గుర్తు చూసుకోండి. చవకగా వచ్చే క్లాంపులు చాలావరకు ఏసీ కరెంటునే కొలుస్తాయి, బ్యాటరీది డీసీ కాబట్టి బండికి అవి పనికిరావు. టెస్ట్ బల్బు మాత్రం కొననక్కర్లేదు, పాత ఇండికేటర్ హోల్డరు ఉంటే చాలు.