చలికాలంలో లేక్ టాహో: ఏ ఒడ్డున దిగాలి, ఏ కొండ ఎక్కాలి

"టాహో వెళ్తున్నాం, ఎక్కడ దిగమంటారు?" అని మిత్రులు అడుగుతుంటారు. నేను చెప్పేది ఎప్పుడూ ఒకటే. ముందు సరస్సు సంగతి తేల్చుకోండి, కొండ సంగతి తర్వాత. మంచూ, లిఫ్టులూ, స్కీ స్కూళ్లూ అమెరికాలో చాలాచోట్ల ఉన్నాయి. కొండ దిగుతుంటే ఎదురుగా అంత నీలం నీళ్లు కనిపించే చోట్లు మాత్రం తక్కువ. అంత దూరం డ్రైవ్ చేసి, సరస్సు కనపడని లోయలో రూము తీసుకుని, సరస్సు కనపడని కొండ మీద రోజంతా గడిపి వెనక్కి వచ్చేవాళ్లని చూస్తే నాకు బాధేస్తుంది.

సరస్సు మూడింట రెండు వంతులు కాలిఫోర్నియాలో, మిగతాది నెవాడాలో ఉంది. పొడవు 22 మైళ్లు, వెడల్పు 12 మైళ్లు, ఒడ్డు వెంబడి చుట్టి వస్తే 72 మైళ్లు. నీటిమట్టమే సముద్రానికి 6,200 అడుగుల పైన. చుట్టూ మనిషెత్తు మంచు పేరుకున్నా సరస్సు గడ్డకట్టదు. దానికి కారణం లోతు. 1,645 అడుగుల లోతు, అమెరికాలో దీన్ని మించింది ఆరెగన్‌లోని క్రేటర్ లేక్ ఒక్కటే. పైన చల్లబడ్డ నీరు బరువెక్కి కిందికి దిగుతుంటుంది, కింద ఉన్న నీరు పైకొస్తుంటుంది. అంత నీటినీ గడ్డకట్టేంత చల్లబరచడానికి ఒక్క చలికాలం చాలదు. అందుకే జనవరిలో కూడా తెల్లటి కొండల మధ్య ఆ నీలం అలాగే ఉంటుంది. 1968లో యూసీ డేవిస్ యూనివర్సిటీ వాళ్లు తెల్లటి పళ్లెం లాంటి బిళ్లను నీళ్లలోకి దించి కొలవడం మొదలుపెట్టినప్పుడు అది వంద అడుగుల లోతు దాకా కనిపించేదట. ఈమధ్య లెక్కల్లో అది అరవై, డెబ్భై అడుగుల మధ్యకి వచ్చింది. ఊళ్లో కార్ల వెనక "కీప్ టాహో బ్లూ" (టాహోని నీలంగానే ఉంచండి) స్టిక్కర్లు ఎందుకన్ని కనిపిస్తాయో దీన్నిబట్టి అర్థమవుతుంది.

ఇక దారి. శాన్‌ఫ్రాన్సిస్కో చుట్టుపక్కల బే ఏరియా నుంచి దక్షిణ ఒడ్డుకి 50 హైవే, ఉత్తర ఒడ్డుకి ఐ-80. రోడ్డు పొడిగా ఉంటే నాలుగు గంటల్లోపే చేరిపోవచ్చు. మంచు మొదలైందంటే చెయిన్ కంట్రోల్ పెడతారు, అంటే చక్రాలకి జారకుండా గొలుసులు (చెయిన్స్) వేసుకోమనే నిబంధన, కొత్తగా వెళ్లేవాళ్లకి అసలు టెన్షన్ అక్కడే. దీంట్లో మూడు మెట్లున్నాయి. ఆర్-1 అంటే చెయిన్స్ గానీ స్నో టైర్లు గానీ ఉండాలి. ఆర్-2 అంటే నాలుగు చక్రాలకీ స్నో టైర్లున్న ఫోర్-వీల్ డ్రైవ్, ఆల్-వీల్ డ్రైవ్ బండ్లు తప్ప మిగతావన్నీ చెయిన్స్ వేసుకోవాల్సిందే. ఆర్-3 అంటే ఎవరికీ మినహాయింపు లేదు. అయితే చాలాసార్లు అంతదాకా రాకముందే రోడ్డు మూసేస్తారు. ఆల్-వీల్ డ్రైవ్ ఉన్నా కంట్రోల్ ఉన్నచోట చెయిన్స్ బండిలో పెట్టుకుని వెళ్లాలన్న సంగతి మాత్రం చాలామందికి తెలియదు.

మా కారు ఫ్రంట్-వీల్ డ్రైవ్. చెయిన్స్ ముందు చక్రాలకి వేయాలి. ఇంటి దగ్గర, వెలుతురులో, పొడి నేల మీద ఒకసారి వేసి చూసుకున్నాం కాబట్టి 50 హైవే మీది ఎకో సమ్మిట్ కనుమ కింద చీకట్లో పని సులువైంది. తడిసిన గ్లవ్స్‌తో కొక్కెం తగిలించడం మాత్రం ఓపిక పరీక్షే. చక్రం మీద చెయిన్ పరచి, వెనకవైపు కొక్కెం చేత్తో తడిమి తగిలించి, కారు కొన్ని అడుగులు ముందుకి పోనిచ్చి, మళ్లీ దిగి బిగించాలి. రెండోసారి బిగించకుండా వెళ్లిపోతే వదులైన గొలుసు ఫెండర్‌కి టపటపా కొట్టుకుంటుంది. మన వల్ల కాదనుకుంటే రోడ్డు పక్కనే పర్మిట్ నంబరున్న జాకెట్లు వేసుకున్న ఇన్‌స్టాలర్లు ఉంటారు. డబ్బు తీసుకుని వేసిపెడతారు. ఆ చలిలో మంచు బురదలో పడుకుని వాళ్లు చేసే పనికి ఆ డబ్బు ఎక్కువేం కాదు. అద్దె కారైతే ముందే కాగితాలు చదవండి. చాలా కంపెనీలు తమ బండ్లకి చెయిన్స్ వేయనివ్వవు.

మేం దిగింది దక్షిణాన, సౌత్ లేక్ టాహోలో. రాష్ట్రాల సరిహద్దు ఊరి అంచునే వెళ్తుంది. అటు అడుగేస్తే నెవాడా, ఆకాశాన్నంటే క్యాసినో హోటళ్లు. ఇటు హెవెన్లీ అనే స్కీ రిసార్ట్ గొండోలా, అంటే తీగ మీద కొండెక్కే మూసిన పెట్టె. మామూలు రోజుల్లో క్యాసినో రూములు ఆశ్చర్యం కలిగించేంత చవగ్గా దొరుకుతాయి, సరస్సు వైపు గదుల కిటికీల్లోంచి సరస్సు కూడా బాగా కనిపిస్తుంది. కానీ పిల్లల్ని వెంటబెట్టుకుని హోటల్ లిఫ్టు దాకా వెళ్లాలంటే క్యాసినోలో సిగరెట్ వాసన మధ్యలోంచి నడవాలి. మేం ఒక రాత్రి ఉన్న హోటల్లో బుకింగ్ అప్పుడు చూపించిన రేటు ఒకటి, కౌంటర్ దగ్గర రిసార్ట్ ఫీజూ పార్కింగూ కలిపి కట్టింది ఇంకొకటి. ఆ ఫీజులో భాగమని చెప్పిన హాట్ టబ్ మరమ్మతులో ఉంది. రేట్లు పోల్చేటప్పుడు మొత్తం బిల్లు చూసి పోల్చండి.

మిగతా రోజులకి క్యాబిన్ తీసుకున్నాం. పెద్దవాళ్లు ఉన్న కుటుంబానికి నా ఓటు క్యాబిన్‌కే. వంటగది ఉంటుంది, పొద్దున్నే వేడివేడిగా తిని బయల్దేరవచ్చు, సాయంత్రం తడి బట్టలు ఆరేసుకోవచ్చు. కొండ మీద క్యాఫెటేరియాలో ఒక్క పూట తినే ఖర్చుకి ఇంట్లో అందరికీ రెండు పూటలు గడుస్తుంది. క్యాబిన్ ఎంచుకునేటప్పుడు వాకిట్లో మంచు ఎవరు తీస్తారో అడగండి. చలికాలంలో మంచు తీసే బండ్లు తిరిగేటప్పుడు వీధిలో కార్లు పెట్టనివ్వరు. కాబట్టి వాకిట్లో ఎన్ని కార్లు పడతాయో అదీ కనుక్కోండి. రాత్రిపూట కారులో బిస్కెట్ ప్యాకెట్ కూడా వదలొద్దు. టాహోలో ఎలుగుబంట్లు కార్ల తలుపులు తెరవడం నేర్చుకున్నాయి, చలికాలంలో కూడా కొన్ని నిద్రపోకుండా తిరుగుతుంటాయి.

ఇక హెవెన్లీ. 1955లో మొదలైన ఈ రిసార్ట్ రెండు రాష్ట్రాల్లోనూ పరుచుకుని ఉంది, దీని పై అంచు ఎత్తు 10,067 అడుగులు. ఊరి మధ్యనుంచి బయల్దేరే గొండోలా 2.4 మైళ్లు పైకి తీసుకెళ్తుంది. దారిలో 9,123 అడుగుల దగ్గర చూడ్డానికి కట్టిన డెక్ మీద దిగవచ్చు. స్కీయింగ్ చేయనివాళ్లకి ప్రత్యేకంగా సైట్‌సీయింగ్ టికెట్ ఉంది. చవకేం కాదు, అయినా మా అత్తయ్యగారి కోసం కొన్నాం. మబ్బు లేని పొద్దున ఆవిడ ఆ రెయిలింగ్ పట్టుకుని, కాళ్ల కింద పడమటి కొండల దాకా పరుచుకున్న సరస్సుని చూస్తూ నిలబడ్డారు. కిందికి వెళ్దామంటే "ఇంకాసేపు ఉందాం బాబూ" అన్నారు. స్కీలు వేసుకోని పెద్దవాళ్లకి ఇంత దగ్గరగా, ఇంత తేలిగ్గా ఈ దృశ్యం అందించే చోటు టాహోలో ఇంకోటి లేదు. వాతావరణం చూసుకునే టికెట్ కొనండి. మబ్బు దిగిన రోజు తెల్లటి గోడ తప్ప ఏమీ కనపడదు, గాలి ఎక్కువైతే గొండోలా ఆపేస్తారు కూడా.

స్కీయింగ్ కొత్తవాళ్లు ఒక సంగతి గుర్తుపెట్టుకోవాలి. గొండోలా మొదలయ్యే చోటికి స్కీలమీద దిగే దారి లేదు, వెనక్కి కూడా గొండోలాలోనే రావాలి. కాలిఫోర్నియా వైపు కిందిదాకా దిగే కొండ ముఖం చాలా నిటారు, నేర్చుకుంటున్నవాళ్లు అటు వెళ్లొద్దు. గొండోలా పైన చదునైన చోట నేర్పిస్తారు. మా పాపకి నేర్పినాయన స్కీల కొనలు దగ్గరికి తెచ్చి "పిజ్జా" అంటే ఆగడం, పక్కపక్కన సమాంతరంగా పెట్టి "ఫ్రెంచ్ ఫ్రైస్" అంటే జారడం అని చెప్పాడు. మధ్యాహ్నానికల్లా అది సొంతంగా ఆగుతోంది. స్కీ స్కూల్ ఫీజు ఎక్కువే, కానీ అక్కడ డబ్బు ఆదా చేయాలని చూడొద్దు. ఇంట్లోవాళ్లే నేర్పుదామనుకున్న కుటుంబాలు పక్కనే గొడవ పడుతుండగా చూశాం.

కాస్త వచ్చినవాళ్లకి నా గట్టి సిఫార్సు రిడ్జ్ రన్. నీలం గుర్తున్న, అంటే మధ్యస్థమైన కష్టంతో జారే దారి (రన్), నడుం నొప్పి పుట్టించదు. సరస్సు మీదికే దిగుతున్నట్టు ఉంటుంది. అవతలి అంచుకి వెళ్తే నెవాడా ఎడారి లోయ గోధుమరంగులో కనిపిస్తుంది. ఒకే కొండ మీద అటు ఎడారి, ఇటు సరస్సు. మధ్యాహ్నం మూడు దాటకముందే మీరు బయల్దేరిన వైపుకి తిరిగి వచ్చేయండి. కలిపే లిఫ్టులు మూసేశాక అవతలి రాష్ట్రంలో దిగితే బస్సు పట్టుకుని రావాలి.

టికెట్లు కిటికీ దగ్గర కొనకండి. రద్దీ రోజుల్లో ఒక్క రోజుకి రెండు వందల డాలర్లు దాటుతుంది. సీజన్ మొదలవకముందే కొన్ని రోజులకి సరిపడా పాసులు కొనుక్కుంటే చాలా తగ్గుతుంది. వారాంతాల్లో గొండోలా క్యూ కూడా భరించలేం. అలాంటప్పుడు హెవెన్లీకే నెవాడా వైపు కింద ఉన్న బౌల్డర్, స్టేజ్‌కోచ్ లాడ్జిల దగ్గర మొదలుపెట్టడం మేలు. ఊళ్లో తిరగడానికి లేక్ లింక్ అనే ఉచిత వ్యాన్ ఉంది, ఫోన్ యాప్‌లో పిలిస్తే వస్తుంది. బాగానే పనిచేసింది.

హెవెన్లీ రద్దీ పడనివాళ్లు ఉత్తరాన ఇంక్లైన్ విలేజ్‌లోని డైమండ్ పీక్ చూడండి. ఊరివాళ్ల సొంత రిసార్ట్. చిన్నది, టికెట్ తక్కువ, క్రిస్టల్ రిడ్జ్ మీంచి దిగుతుంటే సరస్సు మొత్తం ముందే ఉంటుంది. చిన్నపిల్లలున్న కుటుంబానికి నేను దీన్నే ముందు పెడతాను. 1960 శీతాకాల ఒలింపిక్స్ జరిగిన పాలిసేడ్స్ గొప్ప కొండే, బాగా వచ్చినవాళ్లకి స్వర్గం, కానీ కింది లోయలోంచి సరస్సు కనిపించదు. నార్త్‌స్టార్ అనే రిసార్ట్ పిల్లలకి సౌకర్యంగా ఉంటుంది, అక్కడా అంతే.

స్కీయింగ్ లేని రోజు ఎమరాల్డ్ బేకి కేటాయించండి. మంచు ఎక్కువైతే మంచుచరియలు విరిగిపడతాయన్న భయంతో అక్కడికి వెళ్లే 89 హైవే మూసేస్తారు, కాబట్టి పొద్దున్నే రోడ్డు తెరిచి ఉందో లేదో చూసుకోండి. పైనుంచి చూస్తే కొండల మధ్య చొచ్చుకొచ్చిన నీళ్లు, మధ్యలో ఫాన్నెట్ అనే చిన్న దీవి. టాహో మొత్తంలో దీవి అదొక్కటే. కింద 1929లో కట్టిన వైకింగ్స్‌హోమ్ భవనం లోపలికి చలికాలంలో వెళ్లనివ్వరు, దారంతా మంచుమయం, కాబట్టి పైనుంచి చూసి తృప్తిపడాలి. పగటి ఎండకి కరిగి రాత్రి గడ్డకట్టిన పార్కింగ్ చాలా జారుతుంది, పెద్దవాళ్ల చెయ్యి వదలకండి.

ఎత్తు వల్ల తలనొప్పి రావచ్చు, నీళ్లు ఎక్కువ తాగాలి. మంచు మీంచి వచ్చే ఎండ మొహాన్ని మాడుస్తుంది, సన్‌స్క్రీన్ గడ్డం కింద కూడా రాసుకోవాలి. తిరుగు ప్రయాణం మాత్రం ఆదివారం మధ్యాహ్నం పెట్టుకోకండి. 50 హైవే మీద ప్లేసర్‌విల్ ఊరి సిగ్నళ్ల దాకా బండ్లు పాకుతుంటాయి, నాలుగు గంటల దారి ఏడెనిమిది గంటలవుతుంది. వీలైతే సోమవారం సెలవు పెట్టండి. ఆదివారం రాత్రికి రూముల రేట్లూ పడిపోతాయి.