సముద్రం లేని హంగేరీలో నీటి వెంట తొమ్మిది రోజులు

హంగేరీకి ఒకప్పుడు సముద్రం ఉండేది. ఆస్ట్రియాతో కలిసి ఒకే చక్రవర్తి ఏలుబడిలో ఉన్న కాలంలో ఏడ్రియాటిక్ తీరంలోని ఫియుమే దాని రేవుపట్టణం. మొదటి ప్రపంచ యుద్ధంలో ఓడిపోయాక, 1920 జూన్ 4న ఫ్రాన్సులోని ట్రియానాన్ భవనంలో చేసిన ఒప్పందపు సంతకాలతో దేశంలో మూడింట రెండు వంతుల నేల పోయింది, దానితో పాటే ఆ రేవూ పోయింది. ఇప్పుడది రియెకా పేరుతో క్రొయేషియాలో ఉంది. 1920 నుంచి 1944 వరకు దేశాన్ని ఏలిన హోర్తి మిక్లోష్ అంతకుముందు నౌకాదళ అధిపతి కావడంతో, సముద్రం లేని దేశానికి అడ్మిరల్, రాజు లేని రాజ్యానికి రాజప్రతినిధి అన్న ఎత్తిపొడుపు పుట్టింది. నేడు ఏడు దేశాలు చుట్టూ కమ్ముకుని ఉన్న ఈ దేశంలో గత సెప్టెంబరు చివర మా ఆవిడా నేనూ తొమ్మిది రోజులు తిరిగితే, నీళ్ల పక్కన గడపని రోజు ఒక్కటే వచ్చింది.

షెంగెన్ వీసా మీద, దోహాలో విమానం మారి బుడాపెస్ట్ చేరాం. విమానాశ్రయం నుంచి నగరం నడిబొడ్డుకు నేరుగా వెళ్లే 100ఇ బస్సుకు వేరే టికెట్టు తీసుకోవాలి, నగరంలో తిరిగే పాసు అందులో చెల్లదు. సామాను తక్కువైతే మామూలు టికెట్టుతో 200ఇ బస్సెక్కి, కొబాన్యా-కిష్‌పెష్ట్‌లో మెట్రో అందుకోవచ్చు. ఇక్కడ యూరో కాదు, ఫోరింట్ నడుస్తుంది. కార్డు గీసేటప్పుడు యంత్రం యూరోల్లో తీసుకోమంటారా అని మర్యాదగా అడుగుతుంది; ఫోరింట్లే అనాలి, లేకపోతే మారకపు రేటులో నష్టపోయేది మనమే.

బస విషయంలో నేను తప్పు చేశాను. ఏడో వార్డులోని పాత యూదుల పేటలో, పాడుబడిన ఇళ్లను మద్యశాలలుగా మార్చిన వీధికి దగ్గరలో, నాలుగు రాత్రులకు ఒక అపార్ట్‌మెంటు తీసుకున్నాను. భవనం చూడముచ్చటైనదే: నడుమ పెద్ద వాకిలి, ప్రతి అంతస్తులోనూ దాని చుట్టూ ఇనుప కటకటాల వసారా, మన మండువా ఇంటినే నాలుగంతస్తులు ఎత్తి కట్టినట్టు ఉంటుంది. అయితే ప్రకటనలో ఉందన్న లిఫ్టు పనిచేయడం లేదు, ఉదయం మూడింటి దాకా వీధిలో పాటలు ఆగలేదు, ఇంటివారికి సందేశం పెడితే ఒక నవ్వు బొమ్మ తిరిగి వచ్చింది. మళ్లీ వెళ్తే పదమూడో వార్డులోని ఉయ్‌లిపోత్‌వారోష్‌లో దిగుతాను. నది పక్కనే, మార్గరెట్ దీవికి నడిచివెళ్లగల దూరంలో, సంసారులు ఉండే పేట అది.

డాన్యూబ్ నదికి పడమట కొండల మీద బుడా, తూర్పున మైదానంలో పెష్ట్. 1849లో గొలుసు వంతెన కట్టేదాకా వీటి మధ్య శాశ్వతమైన వంతెనే లేదు; పక్కనున్న ఓబుడా పట్టణంతో కలిపి మూడూ ఒకే నగరమైంది 1873లో. రాత్రి దీపాలు చూపిస్తామన్న పడవ ప్రయాణానికి గట్టిగానే చెల్లించాం గానీ, మాకు దక్కిన చోటు అద్దాల గదిలో కావడంతో నది కన్నా మా ముఖాలే ఎక్కువ కనిపించాయి. పెష్ట్ ఒడ్డు వెంట నడిచే రెండో నంబరు ట్రాము మామూలు టికెట్టుకే అదంతా చూపిస్తుంది. మెట్రో మొదటి మార్గమూ ఎక్కి తీరవలసిందే: మాగ్యార్లు, అంటే హంగేరీ జనం, ఈ నేలకు వచ్చి వెయ్యేళ్లయిన సందర్భంగా 1896లో తెరిచిన ఆ దారిలో చిన్న పసుపు పెట్టెలు వీధికి కాస్త అడుగునే పరుగెడతాయి. ఆ 896వ సంవత్సరం గుర్తుగానే పార్లమెంటు గోపురం ఎత్తు 96 మీటర్లని చెబుతారు. పార్లమెంటు లోపలికి సమయం వేసిన టికెట్టు ముందుగా ఆన్‌లైన్‌లో కొనుక్కుంటేనే మేలు. గోపురం కింద, సైనికుల కాపలాలో, శిలువ ఒక పక్కకు ఒరిగిన హంగేరీ రాజుల పవిత్ర కిరీటం ఉంటుంది. రెండో ప్రపంచ యుద్ధం చివర అమెరికా సైన్యం చేతికి చిక్కి, 1978లో గానీ అది తిరిగి రాలేదు. అక్కడ ఫొటోలు తీయనివ్వరు.

పార్లమెంటుకు కొంచెం దిగువన, గట్టు అంచున ఇనుప చెప్పులు అరవై జతలున్నాయి. 1944-45 చలికాలంలో ఇక్కడి ఫాసిస్టు ముఠా యూదులను ఒడ్డున నిలబెట్టి, చెప్పులు విప్పించి, కాల్చి నదిలోకి తోసింది. ఆ చెప్పుల గుర్తుగా 2005లో వీటిని పెట్టారు. మడమ ఒక వైపు అరిగిన మగవాళ్ల బూట్లు, పక్కకు పడిపోయిన ఆడవాళ్ల జోడు, వాటి మధ్య నా అరచేతిలో ఇమిడే పిల్లల జత. ఆ చిన్న బూటులో ఎవరో చేమంతి పువ్వు పెట్టి వెళ్లారు, రాత్రి కురిసిన వాన లోపల తుప్పు రంగులో నిలిచి ఉంది. దీనికి టికెట్టు లేదు, వరస లేదు. పొద్దున్నే వెళ్తే జనమూ ఉండరు.

వేడినీటి స్నానాలయాల్లో రెండు చూశాం. 1913లో తెరిచిన సేచెన్యీ పసుపు గోడల రాజభవనంలా ఉంటుంది. చేతికి కట్టే పట్టీయే బీరువా తాళం. ఆవిరి కమ్మిన ఆరుబయటి కొలనులో నడుము దాకా మునిగిన ఇద్దరు పెద్దాయనలు చదరంగం ఆడుతున్నారు. మేము వచ్చాక అరగంటలో ఒకాయన ఒక్క బంటును జరిపాడు. అయితే అక్కడ మనలాంటి యాత్రికుల రద్దీయే ఎక్కువ. నా ఓటు రుదాష్‌కు: 1541 నుంచి 1686 దాకా బుడాను ఏలిన తురుష్కుల నాటి ఎనిమిది పలకల కొలను, పైన గుమ్మటానికి చిన్న చిన్న రంధ్రాలు, వాటిలోంచి నీటి మీదికి దిగే వెలుతురు కడ్డీలు. ఆ పాత భాగంలో ఆడవాళ్లకూ మగవాళ్లకూ వేరువేరు రోజులు ఉంటాయి కాబట్టి జంటగా వెళ్లేవారు ముందే చూసుకోవాలి.

తిండి సంగతి. గుయాష్ అంటే పశువుల కాపరి; వాళ్లు కాచుకున్న మాంసపు పులుసుకు ఆ పేరే స్థిరపడింది. శాకాహారి అయిన మా ఆవిడను కాపాడినవి కూరగాయలను చిక్కగా ఉడికించే ఫోజెలేక్, పులియబెట్టిన పిండిని నూనెలో వేయించి పుల్లమీగడ, చీజ్ పరిచి ఇచ్చే లాంగోష్. కొన్నిచోట్ల పంది కొవ్వులో వేయిస్తారు, అడిగి తీసుకోవాలి. 1897 నాటి పెద్ద బజారులో సెగెద్, కలోచా ఊళ్ల మిరపపొడులు సంచుల్లో వేలాడుతుంటాయి; సెగెద్‌లో పనిచేసిన సెంట్-జ్యోర్జీ ఆల్బెర్ట్ ఆ మిరపలోంచే విటమిన్ సిని పెద్ద మొత్తంలో తీశాడు, 1937లో నోబెల్ అందుకున్నాడు. గుంటూరు కారానికి అలవాటుపడిన నాలుకకు ఆ తీపి పొడి రంగుగా తప్ప తెలియదు. రెస్టారెంటు బిల్లులో సేవా రుసుము కలిపి ఉందో లేదో చూడకుండా టిప్పు ఇవ్వకండి. మేము ఒకచోట రెండూ ఇచ్చుకున్నాం.

ఎగెర్ అనే ఊళ్లో ఒక్క రాత్రి ఉన్నాం, అది చాలు. 1552లో దోబో ఇష్త్వాన్ నాయకత్వంలో రెండు వేల పైచిలుకు జనం తురుష్క సేనను నిలువరించిన కోట, 97 మెట్ల సన్నని మినారు చూశాం. మినారులో ఎదురుగా ఎవరైనా దిగితే వెనక్కి నడవాల్సిందే.

చివరి మూడు రాత్రులు బలాతోన్ సరస్సు ఉత్తరపు ఒడ్డున, బలాతోన్‌ఫ్యురెద్‌లో గడిపాం. బుడాపెస్ట్ దక్షిణపు స్టేషను దేలీ నుంచి సుమారు రెండు గంటల రైలు. అతిథిగృహం నడిపే పెద్దావిడ పాస్‌పోర్టు చూసి రిజిస్టరులో నా ఇంటిపేరు ముందు, పేరు తర్వాత రాసింది. ఐరోపా దరఖాస్తులన్నీ తలకిందులుగా రాయించిన పేరు అక్కడ తన వరసలో కనిపించింది. హంగేరీ వాళ్లకూ మనలాగే ఇంటిపేరే ముందు. యాత్ర మొత్తంలో ఉత్తమమైన బస ఇదే: శుభ్రమైన గది, పెరట్లో ద్రాక్ష పందిరి, పొద్దున ఆవిడే కాచిన రేగుపండ్ల జామ్.

1926లో రవీంద్రనాథ్ ఠాగూర్ ఇక్కడి హృద్రోగ ఆసుపత్రిలో చికిత్స పొంది, నవంబరులో ఒక లిండెన్ మొక్క నాటాడు. ఆ ఒడ్డు బాట పేరు ఇప్పటికీ ఠాగూర్‌దే. పక్కనే ఉన్న తిహాన్య్ మఠం 1055 నాటిది. దాని లాటిన్ శాసనంలో సరిహద్దులు చెప్పేచోట యాభైకి పైగా మాగ్యార్ మాటలు దొర్లాయి, ఆ భాషకు దొరికిన తొలి రాతల్లో అవి ముఖ్యమైనవి. వాటిలో పేరుపొందిన ఒక పదబంధం అర్థం ‘ఫెహెర్వార్‌కు పోయే సైనిక బాట మీదికి’. అప్పుడు ‘మీదికి’ అనే మాట విడిగా ఉంది, వెయ్యేళ్లలో అది మన విభక్తి ప్రత్యయంలాగే పదం తోకకు అతుక్కుపోయింది. ఏ సంబంధమూ లేని రెండు భాషల్లో ఈ పోలిక చూసి, తెలుగు వ్యాకరణం గుర్తుకొచ్చి నేను కాస్సేపు కదలలేదు. మా ఆవిడ లావెండర్ సబ్బులు కొనడానికి వెళ్లిపోయింది.

ఆఖరి రోజు పడవలో అవతలి ఒడ్డుకు, షియోఫోక్‌కు దాటాం. బలాతోన్ 77 కిలోమీటర్ల పొడవున్నా సగటు లోతు మూడు మీటర్లకు కాస్త ఎక్కువ, అంతే. దక్షిణపు ఒడ్డున అదీ ఉండదు. వీళ్లు దాన్ని ‘మాగ్యార్ సముద్రం’ అంటారు. సీజను అయిపోవడంతో గట్టు మీద దుకాణాలన్నీ మూతబడ్డాయి. నేను ప్యాంటు పైకి మడిచి, సరదాగా అడుగులు లెక్కపెట్టుకుంటూ లోపలికి నడిచాను. నూట యాభై దాకా లెక్కపెట్టినా నీళ్లు మోకాలు దాటలేదు. వెనక్కి చూస్తే మా ఆవిడ ఒడ్డున రైలు టికెట్లు ఊపుతూ పిలుస్తోంది.