కొండాపూరా, కేపీహెచ్‌బీనా, మధురానగరా?

హైదరాబాద్‌లో రాయదుర్గం మెట్రో స్టేషన్ పక్కనే ఉద్యోగం వచ్చిందని మా పిన్ని కొడుకు కాకినాడ నుంచి ఫోన్ చేశాడు. "అన్నా, రూమ్ ఎక్కడ తీసుకోమంటావ్?" అని. వాడి దగ్గర మూడు పేర్లున్నాయి. మూడు చోట్లా అద్దెకున్నవాణ్ణి కాబట్టి నాకు తోచింది చెప్పాను.

ముందు కొండాపూర్. ఆఫీసుకి దగ్గరని అందరూ మొదట చూసేది ఇదే. పొద్దున్నే బొటానికల్ గార్డెన్‌లో నడక, వీధి వీధికీ జిమ్ములు. కానీ మెట్రో లేదు. బండి లేకపోతే రోజూ ఆటో, క్యాబ్‌ల బేరమే. 2023లో కొత్తగూడ ఫ్లైఓవర్ తెరిచాక కూడలి దగ్గర కాస్త నయమే గానీ, వాన పడిన సాయంత్రం నాలుగు కిలోమీటర్లకి గంట పట్టిన రోజులు నాకు గుర్తున్నాయి. ఇంకొకటి నీళ్లు. మేమున్న బిల్డింగ్‌లో ఏప్రిల్‌కే బోరు ఎండిపోయింది. తెల్లవారుజామున ఐదింటికి వాటర్ ట్యాంకర్ రివర్స్ తీస్తుంటే వచ్చే కూతే మాకు అలారం. ఆ ట్యాంకర్ల డబ్బంతా నెలాఖరుకి మెయింటెనెన్స్‌లో కలిసి వచ్చేది. అద్దె ఎంతో టు-లెట్ బోర్డు చూసి అడిగాను గానీ, దీని సంగతి అడగాలని అప్పట్లో నాకు తెలీదు.

కేపీహెచ్‌బీ, అంటే కూకట్‌పల్లి హౌసింగ్ బోర్డు కాలనీ, సంగతి వేరు. తిండికి లోటుండదు. వంట రాకపోయినా కర్రీ పాయింట్‌లో పప్పు, వేపుడు, సాంబారు ప్యాకెట్లు కట్టించుకుని, ఇంట్లో కుక్కర్ పెట్టుకుంటే చాలు. సంక్రాంతికి గోదావరి జిల్లాల బస్సు కోసం ఊరంతా తిరగక్కర్లేదు, అక్కడే ఎక్కొచ్చు. మన యాస వినబడని వీధి ఉండదు. చిక్కంతా రాయదుర్గం వెళ్లడంలోనే. మ్యాప్‌లో చూస్తే పక్కనే ఉన్నట్టుంటుంది. మెట్రోలో మాత్రం ముందు 8 స్టేషన్లు అమీర్‌పేట దాకా పోవాలి, అక్కడ రైలు మారి మళ్లీ 9 స్టేషన్లు వెనక్కి వచ్చినట్టు రావాలి. తల చుట్టూ చెయ్యి తిప్పి ముక్కు పట్టుకోవడమే. బండి ఉంటే హైటెక్ సిటీ రైల్వే స్టేషన్ దగ్గరి దారో, 2022లో తెరిచిన కైతలాపూర్ ఫ్లైఓవరో ఉన్నాయి. పొద్దున తొమ్మిదింటికి రెండూ కిక్కిరిసే ఉంటాయి.

మధురానగర్‌ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు. అమీర్‌పేట తర్వాతి స్టేషనే. అక్కడ ఎక్కితే రైలు మారకుండా నేరుగా రాయదుర్గంలో దిగొచ్చు. రేపు కంపెనీ మారి సికింద్రాబాద్ వైపు వెళ్లాల్సి వచ్చినా అదే లైను. ఇళ్లు పాతవి, లిఫ్టు చాలా చోట్ల ఉండదు, బండి పెట్టుకునే చోటు కోసం పక్కింటాయనతో రోజూ పేచీ. పెద్ద వాన పడితే యూసుఫ్‌గూడ, కృష్ణానగర్ వైపు గల్లీలు వాగులవుతాయి, అందుకని గ్రౌండ్ ఫ్లోర్ జోలికి పోకూడదు. పైగా చాలామంది ఓనర్లు కింద ఇంట్లోనే ఉంటారు. "బ్యాచిలరా? ఎంతమంది ఉంటారు? నాన్‌వెజ్ వండుతారా?" అని ఆంటీ ఇంటర్వ్యూ చేస్తారు, కంపెనీ హెచ్‌ఆర్ నయం. నేను పాసయ్యాను. ఆ తర్వాత జ్వరమొస్తే రసం పంపింది కూడా ఆవిడే.

అడ్వాన్స్ ఎక్కడైనా రెండు నెలలది అడుగుతున్నారు. ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్‌కి ఎంత కోస్తారో చేరేముందే కాగితం మీద రాయించుకోమన్నాను. కొండాపూర్‌లో నాకు ఒక నెల అద్దె అలాగే పోయింది.

నా ఓటు మధురానగర్‌కే. ఆఫీసుకి నడిచి వెళ్లేంత దగ్గర్లో, బోరుతో పాటు మంజీరా (కొళాయి) నీళ్లూ వచ్చే ఇల్లు దొరికితే మాత్రం కొండాపూర్‌కి వెళ్లమన్నాను. పిన్ని మాత్రం కేపీహెచ్‌బీ అంటే కేపీహెచ్‌బీయే అంటోంది, మామయ్యావాళ్లు అక్కడే ఉన్నారు కదా, కంటికి ఎదురుగా ఉంటాడని. వాడు నా మాట అంత త్వరగా ఒప్పుకోవడానికి అసలు కారణం అదేనని నా అనుమానం.