ర్యాలీ రాత్రి పలమనేరు లాడ్జి, దాని కింది మెస్సు: ఒక సమీక్ష

పలమనేరులో బెంగళూరు రోడ్డు మీద, కింద మెస్సు, పైన రెండు అంతస్తుల గదులు ఉన్న లాడ్జి ఒకటి ఉంది. ఫిర్యాదులు కూడా రాయబోతున్నాను కనుక పేరు చెప్పడం లేదు. ర్యాలీ కార్లు ఆగిన లాడ్జి ఏదని బస్టాండులో ఎవరిని అడిగినా చూపిస్తారు. మొన్నటి పుష్యమాసంలో బెంగళూరు నుంచి బయలుదేరిన ఒక కారు ర్యాలీ ఆ ఊళ్లో రాత్రి బస చేసింది, చిత్తూరు నుంచి పని మీద వెళ్లిన నేనూ అదే లాడ్జిలో దిగాను. కారు ర్యాలీల వల్ల చిన్న ఊళ్లకు నాలుగు డబ్బులు వస్తాయని అందరూ అనేదే గానీ, ఆ డబ్బులు ఎవరి గల్లాపెట్టెలో పడతాయో దగ్గరుండి చూసే అవకాశం అందరికీ దొరకదు.

ఆ ర్యాలీ వేగంలో పోటీ కాదు. మోటారు వాహనాల చట్టంలోని 189వ సెక్షన్ ప్రకారం, రాష్ట్ర ప్రభుత్వం రాతపూర్వకంగా అనుమతిస్తే తప్ప బహిరంగ రోడ్ల మీద పందేలు నడపడం నేరం. అందువల్ల మామూలు రోడ్ల మీద సాగే ర్యాలీలు ఎక్కువగా టీఎస్‌డీ పద్ధతిలో, అంటే కాలం, వేగం, దూరాల లెక్క మీద జరుగుతాయి. నిర్వాహకులు రోడ్ బుక్కులో దారినీ, ఒక్కో భాగంలో పాటించవలసిన సగటు వేగాన్నీ ఇస్తారు. దారిలో ముందుగా చెప్పని చోట గడియారంతో కూర్చున్న మార్షల్ (సమయం రాసుకునే ర్యాలీ మనిషి) దగ్గరకు లెక్క ప్రకారం చేరాల్సిన సమయానికి ముందు చేరినా, తర్వాత చేరినా పెనాల్టీ పడుతుంది. కార్లు ఒకదాని వెనుక ఒకటి నిమిషం తేడాతో బయలుదేరతాయి. ఇంత వివరంగా ఎందుకు చెబుతున్నానంటే, నిమిషాల మీద నడిచే ఇలాంటి అతిథులకు టిఫిను ఐదు నిమిషాలు ఆలస్యమైనా కుదరదు. లాడ్జివాళ్ల పనితనం తేలేది అక్కడే.

మన చిన్న ఊళ్ల లాడ్జీలు చాలావరకు ముహూర్తాల మీద బతుకుతాయి. మాఘంలో, వైశాఖంలో, శ్రావణంలో పెళ్లివారితో గదులు నిండిపోతాయి. ఆషాఢం, భాద్రపదం, పుష్యం శూన్యమాసాలు కావడంతో తాళంచెవులు బోర్డుకే వేలాడుతుంటాయి. తిరుపతికి వచ్చే యాత్రికుల రద్దీ పలమనేరు దాకా పెద్దగా రాదు. తోతాపురి మామిడి కాలంలో వ్యాపారులు దిగేది కూడా బంగారుపాళెం, దామలచెరువు మండీల చుట్టుపక్కలే. కాబట్టి పుష్యమాసంలో ఒక్క రాత్రి గదులన్నీ నిండినా అది ఆ యజమానికి మరో విధంగా రాని రాబడి. అదే ర్యాలీ మాఘమాసంలో వచ్చి ఉంటే, పెళ్లివారికి ఇవ్వాల్సిన గదులను కార్లవారికి ఇవ్వడమే జరిగేది, ఊరికి కొత్తగా చేరే సొమ్ము ఏమీ ఉండేది కాదు. ర్యాలీ లాభాల గురించి మాట్లాడేవాళ్లు పంచాంగం చూసి మాట్లాడితే బాగుంటుంది.

గదుల సంగతి క్లుప్తంగా చెప్పవచ్చు. పరుపులు గట్టివి, దుప్పట్లు ఉతికినవి, కిటికీలకు దోమల జాలీ ఉంది. మొగిలి ఘాటు ఎక్కగానే చలి తెలుస్తుంది కాబట్టి జనవరి తెల్లవారుజామున పలమనేరులో వేడినీళ్లు తప్పనిసరి. ఆ ఉదయం అందరూ ఒకేసారి గీజర్లు వేయడంతో పై అంతస్తుకు కరెంటు పోయింది. మెస్సు పొయ్యి మీద కాచిన నీళ్లను బకెట్లతో పైకి మోసుకొచ్చారు గానీ, రెండో అంతస్తుకు చేరేసరికి అవి గోరువెచ్చగా మిగిలాయి. మామూలుగా 900 రూపాయలు తీసుకునే గదికి ఆ రాత్రి 1,400 తీసుకున్నారు. గిరాకీ ఉన్నప్పుడు ధర పెంచడాన్ని తప్పుపట్టను. పెంచిన ధరకు వేడినీళ్లయినా సరిగా ఇవ్వలేకపోవడాన్ని మాత్రం తప్పుపడుతున్నాను. పక్కనున్న ఖాళీ స్థలాన్ని చదును చేయించి, లైట్లు కట్టించి, రాత్రంతా కార్లకు కాపలా మనిషిని పెట్టడం మెచ్చుకోదగినది.

ఈ లాడ్జికి అసలు బలం కింది మెస్సు. దాన్ని యజమాని భార్య నడుపుతారు. రాగి సంగటి ముద్ద చేతికి అంటకుండా, లోపల మెతుకు తగులుతూ ఉంటుంది. నాటుకోడి పులుసులో కారం ఘాటుగా ఉంటుంది గానీ మసాలా మీదపడదు. పుల్లగూరకు ఆ చుట్టుపక్కల సాటి లేదని నా అభిప్రాయం. కుప్పం వైపు వెళ్లే రోడ్డు కౌండిన్య అభయారణ్యానికి ఆనుకుని సాగుతుంది, చీకట్లో ఏనుగులు రోడ్డు దాటుతుంటాయి. అందుకని తెల్లారిన తర్వాత, ఏడు గంటలకు మొదటి కారును వదిలారు. ఆరున్నరకల్లా టిఫిన్ పొట్లాలు సిద్ధంగా ఉండాలని ముందు రాత్రే నావిగేటర్లు, అంటే డ్రైవరు పక్కన కూర్చుని దారీ లెక్కా చూసేవాళ్లు, ఆమెకు చెప్పారు. "మీరు పొయ్యేదానికి ముందే కట్టి పెడతా సామీ, నంబరు మాత్రం చెప్పండి" అన్నారామె. గది నంబర్లకు బదులు కారు తలుపు మీది నంబర్లతో నోటుబుక్కులో ఖాతా రాసుకున్నారు, పొట్లాలను కూడా కార్లు బయలుదేరే వరుసలోనే బల్ల మీద పేర్చారు. నావిగేటర్ ఒళ్లో రోడ్ బుక్కు ఉంటుందని తెలుసుకుని, ఒలికే సాంబారూ పలుచటి చట్నీ మానేసి, ఇడ్లీలకూ వడకూ జతగా గట్టిగా నూరిన ఊరుబిండిని ఆకులో విడిగా చుట్టి పెట్టారు. పెద్ద హోటళ్లలో కూడా ఇంత ఆలోచన చూడలేదు.

అయినా ఆమెకు దక్కాల్సిన పెద్ద బేరం దక్కలేదు. ముందు రాత్రి విందుకు నిర్వాహకులు బెంగళూరు నుంచే వంటవాళ్లను, సామాన్లతో సహా, వ్యానులో తెచ్చుకుని కల్యాణమండపంలో వడ్డించారు. ఊరి పేరు బ్యానరు మీద ఉంది, విందు ఖర్చు మాత్రం వచ్చిన దారినే తిరిగి వెళ్లింది. పనీరు కూరతో తృప్తిపడని కొన్ని జట్లు మెల్లగా జారుకుని మెస్సుకు వచ్చి సంగటి తిన్నాయి కాబట్టి ఆ పూట కాస్త గడిచింది. ఒకే చోట అంతమందికి వడ్డించే శక్తి ఆ మెస్సుకు లేదన్న వాదన ఉంటే ఉండవచ్చు. కానీ ఊళ్లోని మూడు నాలుగు మెస్సులకు పంచి ఇచ్చి ఉంటే ఆ ఇబ్బంది తీరేది.

చెల్లింపుల విషయంలో యజమాని గట్టివాడు. సగం సొమ్ము ముందుగా ఇస్తేనే గదులు అట్టిపెడతానన్నాడు, అది సరైన పద్ధతి. ఉద్యం (చిన్న వ్యాపారాల ప్రభుత్వ నమోదు) ఉన్న సూక్ష్మ, చిన్న సంస్థలకు బిల్లు సొమ్మును గరిష్ఠంగా 45 రోజులలోపు చెల్లించాలని 2006 నాటి ఎంఎస్ఎంఈడీ (సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల అభివృద్ధి) చట్టం చెబుతున్నా, వేరే ఊరివాళ్ల వెంట ఆ చట్టం పట్టుకుని తిరగడం చిన్న వ్యాపారికి అయ్యే పని కాదు.

లాడ్జికి ఎదురుగా ఉన్న వెల్డింగ్ షాపు, దాని పక్కన పంచరు కొట్టు అర్ధరాత్రి దాకా తెరిచే ఉన్నాయి. ఒక కారు కింద విరిగిన సంప్ గార్డును, అంటే ఇంజను అడుగున రాళ్లు తగలకుండా ఉండే రేకును, వెల్డరు రోడ్డు పక్కనే పడుకుని అతికించాడు. ఆదాయం లెక్కలో ఇది గమనించదగినది: బంకులో ఒక్కో కారు ట్యాంకు నింపుకుంటే కనిపించే మొత్తం పెద్దదే, అయితే అందులో డీలరుకు మిగిలేది లీటరుకు వచ్చే కమీషను మాత్రమే; వెల్డరు అందుకున్న కూలి చిన్నదైనా దాదాపు అంతా ఊళ్లోనే ఉండిపోతుంది.

కెన్యాలో 1953లో మొదలైన సఫారీ ర్యాలీ 2021లో మళ్లీ ప్రపంచ ర్యాలీ చాంపియన్‌షిప్‌లోకి వచ్చినప్పుడు నైవాషా అనే సరస్సు ఒడ్డు పట్టణాన్ని కేంద్రం చేసుకుంది. మన పక్కనే చిక్కమగళూరు కాఫీ తోటల్లో జాతీయ చాంపియన్‌షిప్ రౌండ్లు జరిగాయి. వీటిని చూసి పలమనేరులో కూడా అలాంటి వేగం పోటీ పెట్టాలని మెస్సులో కొందరు ఉత్సాహపడ్డారు. రోడ్డును పూర్తిగా మూసివేసి, ప్రతి పొలం గట్టు దగ్గరా మనిషిని నిలపగలిగినప్పుడే అది సాధ్యం. 2019లో రాజస్థాన్‌లోని బాడ్‌మేర్ జిల్లాలో జాతీయ ర్యాలీ సాగుతున్న దారిలోకి మోటారుసైకిల్ రావడంతో ఒకే కుటుంబానికి చెందిన ముగ్గురు చనిపోయారు. పాడి ఆవులు రోడ్డు మీదే నడిచే మన పల్లెలకు ప్రస్తుతానికి టీఎస్‌డీయే చాలు.

మెస్సు మీద నాకున్న ఒకే ఒక్క ఫిర్యాదు రోజువారీ ఖాతాదార్ల గురించి. పొట్లాల హడావుడిలో ఆ ఉదయం లారీ డ్రైవర్లకూ తొలి బస్సుకు వెళ్లేవారికీ టిఫిను లేదని చెప్పి పంపేశారు. ఏడాదికి ఒకసారి వచ్చే కార్ల కోసం ఏడాది పొడవునా వచ్చేవారిని వెనక్కి పంపడం వ్యాపారానికి మంచిది కాదు. వారికోసం విడిగా ఒక పొయ్యి, ఒక మనిషి ఉంటే సరిపోయేది.

మామూలు రోజుల్లో వెళ్లేవారు మధ్యాహ్నం ఒంటిగంటలోపు చేరుకోవాలి, ఆ తర్వాత సంగటి మిగలదు. గదికి 900 న్యాయమైన ధరే, మొదటి అంతస్తు అడగండి. ర్యాలీ నిర్వాహకులైతే జనరేటరు ఏర్పాటు గురించి ముందే తేల్చుకుని, రాత్రి భోజనాన్ని కూడా ఆ మెస్సుకే చెప్పాలి, కనీసం వారం ముందు. నాటుకోళ్లు పల్లెల్లో తిరిగి సమకూర్చుకోవడానికి తనకు అంత వ్యవధి కావాలని ఆమె అన్నారు.